రెండో గేరు ఎందుకు గరగరలాడుతుంది?

పాత మారుతి 800లో రెండో గేరు వేస్తే గరగరమంటోంది, పాత సామాన్ల కొట్లో గేర్‌బాక్స్ దొరికింది, ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. మార్చుకోవచ్చు. చదునైన నేల, జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, స్పానర్ల సెట్టు, సాయానికి ఇంకో మనిషి ఉండాలి. కానీ పాతది ఎందుకు పాడైందో తెలుసుకోకుండా ఇంకోటి బిగిస్తే అదీ ఆ దారినే పోతుంది.

సాధారణంగా ముందు అరిగేది గేరు చక్రం కాదు, దాని పక్కనుండే ఇత్తడి రింగు. సింక్రోనైజర్ రింగ్ అంటారు. చేతి కడియం కంటే చిన్నది, చేసే పని మాత్రం అద్భుతం.

ఈ కారులో మొదటి గేరు నిష్పత్తి సుమారు 3.6, రెండోది సుమారు 2.2. మొదటి గేరులో ఇంజిన్ నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుండగా క్లచ్ తొక్కి రెండోది వేశారనుకోండి. కారు వేగం మారలేదు కాబట్టి ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజిన్ తిప్పుడును గేర్‌బాక్సులోకి తెచ్చే కడ్డీ), దానికి తగిలించుకున్న క్లచ్ ప్లేటు 2200 చుట్లకు దిగాలి, అదీ కన్నుమూసి తెరిచేలోగా. కదిలే బస్సు ఎక్కేవాడు ముందు దానితోపాటు నాలుగడుగులు పరుగెత్తి వేగం కలుపుకుంటాడు. గేర్‌బాక్సులో ఆ పరుగు పని రింగుది.

రింగు లోపలి వైపు శంకువులా వాలుగా ఉంటుంది, గేరు మెడ మీదా అదే వాలు. లివర్ లాగగానే రింగు ఆ మెడ మీదికి ఒత్తుకుంటుంది. అక్కడ పుట్టే ఘర్షణ టార్కు (తిప్పే బలం) లెక్కలో తోపుడు బలాన్ని వాలు కోణం సైన్ విలువతో భాగించాలి. కోణం 6.5 డిగ్రీలైతే సైన్ 0.113, అంటే దాదాపు తొమ్మిది రెట్ల లాభం. తోపు 300 న్యూటన్లు, ఘర్షణ గుణకం 0.1, వ్యాసార్ధం 25 మి.మీ. అనుకుందాం. బల్లపరుపు బిళ్లకు 0.75 న్యూటన్-మీటర్లు వచ్చేచోట శంకువుకు 6.6 వస్తుంది. మరి కోణం ఇంకా తగ్గించవచ్చు కదా? కుదరదు. కోణం టాన్ విలువ ఘర్షణ గుణకం కంటే తగ్గితే రింగు మెడకు బిగిసిపోయి ఊడిరాదు. గుణకం 0.1 అయితే ఆ హద్దు 5.7 డిగ్రీలు. అందుకే ఆ హద్దుకు కాస్త పైన ఆగుతారు. బడిలో వాలుతలం లెక్కలు కొయ్యదిమ్మెలతోనే చెప్పి వదిలేస్తారు. అరిగిన రింగు ఒకటి పిల్లల చేతికిస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

వేగాలు కలవనంతసేపు ఆ ఘర్షణే రింగును కాస్త పక్కకు తిప్పి, దాని పళ్లను స్లీవు (లివర్ తోస్తే జరిగి గేరును షాఫ్టుకు కలిపే పళ్ల పట్టీ) పళ్లకు అడ్డంగా నిలబెడుతుంది. వేగాలు కలిసిన క్షణాన ఘర్షణ టార్కు సున్నా అవుతుంది, స్లీవు రింగును తప్పించుకుని గేరులోకి జారుతుంది. రింగు లోపలున్న సన్నని మరల (బోల్టు మీద ఉండే గీతల్లాంటివి) పని నూనె పొరను కోయడం. వాటి మొనలు చదునైపోతే రింగు నూనె మీద జారుతుంది, అడ్డు నిలవదు, పళ్లు పళ్లను కొరుక్కుంటాయి. మనకు వినిపించే గరగర అదే.

రింగును అంత త్వరగా అరగదీసేది ఎక్కువసార్లు క్లచ్చే. క్లచ్ పూర్తిగా విడవకపోతే రింగు ఒక్క ప్లేటును కాదు, ఏకంగా ఇంజిన్‌నే ఆపబోతుంది. పరీక్ష తేలిక. ఈ గేర్‌బాక్సులో రివర్సుకు సింక్రో, అంటే ఈ రింగు, లేదు. బండి ఆగి, ఇంజిన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు క్లచ్ అడుగంటా తొక్కి ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గరగరమంటే క్లచ్ విడవడం లేదు. ముందు కేబుల్ సరిచేసి చూడండి, గేర్‌బాక్స్ దించే పనే తప్పొచ్చు.

దించక తప్పదంటే, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాతది కొనేటప్పుడు అది నాలుగు గేర్లదా ఐదు గేర్లదా అని మొదట చూడండి. ప్రతి గేరూ వేసి షాఫ్టు చేత్తో తిప్పండి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద మామూలే, లోహపు పెచ్చులుంటే వదిలేయండి.

బ్యాటరీ నెగటివ్ తీసి, బండి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరడం ప్రాణాంతకం. నూనె దించి క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, స్టార్టర్, గేరు రాడ్లు విప్పండి. డ్రైవ్ షాఫ్టును చేత్తో లాగితే లోపలి జాయింటు బూటులోనే ఊడిపోతుంది. అది గేర్‌బాక్సులోకి దూరే డిఫరెన్షియల్ దగ్గర ప్రై బార్ (చదును మొన ఇనప గునపం) పెట్టి ఎత్తాలి. గేర్‌బాక్స్ మౌంటు (బండికి పట్టి ఉంచే బిగింపు) విప్పేముందు ఇంజిన్ కింద చెక్కదిమ్మ, దాని కింద జాకీ పెట్టండి.

లాగేటప్పుడూ బిగించేటప్పుడూ గేర్‌బాక్స్ బరువు ఒక్క క్షణం కూడా ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడకూడదు. వేలాడితే క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగుతుంది, వంగిన ప్లేటు విడవదు, కొత్త రింగు అరుగుదల మొదటిరోజే మొదలవుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, షాఫ్టు సీళ్లు మార్చేయండి. ప్లేటును అలైన్‌మెంట్ టూల్‌తో నడిమధ్యకు తెచ్చాకే ప్రెజర్ ప్లేటు బిగించండి. స్ప్లైన్లకు (షాఫ్టు మీది నిలువు గాళ్లకు) గ్రీజు పలుచగా పూస్తే చాలు, ఎక్కువైతే ప్లేటు మీదికి చిమ్ముతుంది. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు సరిగ్గా ఎదురుపెట్టే రెండు డోవెల్ పిన్నులూ ఉన్నాయో లేదో చూడండి. చివరి సెంటీమీటరు దూరం మిగిలిపోతే బోల్టులతో లాగొద్దు, అల్యూమినియం చెవి పుటుక్కున విరుగుతుంది. గేరులో పెట్టి అవుట్‌పుట్ వైపు కాస్త తిప్పితే స్ప్లైన్లు వాటంతట అవే కూర్చుంటాయి.

నూనె చిక్కగా పోస్తే శబ్దం తగ్గుతుందని ఒక నమ్మకం ఉంది. తగ్గినా, ఆ చిక్కదనాన్ని రింగు మరలు త్వరగా కోయలేవు, చలి ఉదయాల్లో గేరు మొరాయిస్తుంది. మాన్యువల్లో రాసిన గ్రేడులో జీఎల్-4 రకమే (గేరు నూనె డబ్బా మీద రాసి ఉంటుంది) పోయండి. చాలా జీఎల్-5 నూనెల్లో సల్ఫర్, ఫాస్ఫరస్ మందులు ఎక్కువ, అవి ఇత్తడిని తినేస్తాయి. బండి సమతలంగా ఉండగా లెవెల్ రంధ్రం అంచుదాకా పోసి, కాసేపు నడిపి చల్లారాక మళ్లీ చూసి తగ్గినంత కలపండి.