కార్బన్ మార్కెట్‌కు నిపుణుల ఎంపిక: మన జిల్లాల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

వాతావరణాన్ని వేడెక్కించే వాయువులను తగ్గించి, ఆ తగ్గుదలను క్రెడిట్లుగా అమ్ముకునే కార్బన్ ప్రాజెక్టుల తనిఖీకి సాంకేతిక నిపుణులను వెతికే పనిలో ఉన్నందువల్ల నెల్లూరు, ప్రకాశం జిల్లాల వ్యవసాయ పట్టభద్రులతో, ఇంజినీర్లతో తరచూ మాట్లాడుతుంటాను. వారిలో చాలామంది అర్హత ఉండి కూడా, ఈ రంగం గురించి విన్న తప్పుడు మాటల వల్ల దరఖాస్తు దాకా రావడం లేదు.

అపోహ: ఐక్యరాజ్య సమితి నిపుణుల ఎంపికలో ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న ప్రాంతాలకు ప్రాధాన్యం ఇస్తారట కాబట్టి కనిగిరి, ఉదయగిరి వంటి మెట్ట ప్రాంతాల వారికి కోటా ఉంటుంది.

వాస్తవం: ఐక్యరాజ్య సమితి లెక్కలో ప్రాంతమంటే దేశాల సముదాయమే తప్ప జిల్లా కాదు. పారిస్ ఒప్పందం ఆర్టికల్ 6.4 కింద కార్బన్ క్రెడిట్ల వ్యవస్థను చూసుకోవడానికి ఏర్పడిన పర్యవేక్షక మండలిలోని 12 స్థానాల్లో ఐదు ప్రాంతీయ సముదాయాలకు రెండేసి, అత్యల్పాభివృద్ధి దేశాలకు ఒకటి, చిన్న ద్వీప దేశాలకు ఒకటి కేటాయించారు. అంతకుముందు క్యోటో ఒప్పందం కాలంలో నడిచిన క్రెడిట్ల పథకం సీడీఎంలో నమోదైన ప్రాజెక్టుల సంఖ్యలో చైనా తర్వాతి స్థానం మన దేశానిదే. ఆఫ్రికా వాటా మాత్రం చాలా స్వల్పం. అందువల్ల అంతర్జాతీయ బృందాల్లో భారతీయుడికి ప్రాంతం పేరు మీద దక్కేది పెద్దగా ఉండదు. దేశం లోపల పరిస్థితి వేరు: నా దగ్గరకు వచ్చే బయోడేటాల్లో అత్యధికం మహానగరాల నుంచే వస్తాయి, తనిఖీ చేయవలసిన పొలాలు మాత్రం ఆ నగరాల్లో ఉండవు.

అపోహ: పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ, విదేశీ అనుభవం లేనివారిని పరిగణించరు.

వాస్తవం: వరి ప్రాజెక్టులనే తీసుకుందాం. మడిలో నీరు నిలిచి ఉంటే మీథేన్ వెలువడుతుంది, మధ్యమధ్య ఆరబెడితే తగ్గుతుంది. పంటకాలమంతా నీరు నిలిచిన మడి ఉద్గారాన్ని 1గా తీసుకుంటే, ఒకసారి ఆరబెట్టినప్పుడు 0.71, పలుమార్లు ఆరబెట్టినప్పుడు 0.55 అని ఐక్యరాజ్య సమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘమైన ఐపీసీసీ 2019 మార్గదర్శకాలు చెబుతాయి. కాగితం మీద ఇది తేలికైన గుణకారం. అయితే సోమశిల నీటిపై ఆధారపడిన చివరి ఆయకట్టులో, ప్రాజెక్టు రాకముందు కూడా కాలువ నీరు సరిగా అందక మడి దానంతటదే ఆరిపోయేదా అన్న ప్రశ్న ముందుగా అడగాలి. ఆరిపోయేదని తేలితే ఆ తగ్గుదలను ప్రాజెక్టు ఖాతాలో వేయడం కుదరదు. నీరు మడి నుంచి మడికి పారే చోట ఒక రైతు ఒక్కడే ఆరబెట్టగలడా అన్నది రెండో ప్రశ్న. నీటి మట్టం చూసే చిల్లుల పైపును మడి సగటు మట్టం ఉన్న చోట కాకుండా ఎత్తుగా ఉన్న చోట పాతారేమో, రీడింగుల పుస్తకంలో సీజనంతా ఒకే కలంతో, ఒకే ఊపులో రాసినట్టుందేమో గమనించాలి. ఇవి పొలాల్లో తిరిగిన వ్యవసాయ విస్తరణాధికారికి చప్పున తడతాయి. పొలం ముఖం చూడని పీహెచ్‌డీకి తట్టవు (అందరికీ కాదులెండి). డిగ్రీ అవసరమే, కాని నా దృష్టిలో ఎంపికను తేల్చేది ఈ చూపే.

అపోహ: చెట్లున్న చోటల్లా క్రెడిట్లు వస్తాయి కాబట్టి అటవీ పరిజ్ఞానం ఉంటే చాలు.

వాస్తవం: ఒంగోలు పరిసరాల రైతులు సుబాబుల్, జామాయిల్ తోటలను కాగితం మిల్లులకు అమ్ముకునేందుకే వేసుకున్నారు. క్రెడిట్ సొమ్ము లేకపోయినా ఆ తోట వేసేవారేనా అన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే చెట్టు చుట్టుకొలతతో పాటు కర్ర ధర, కౌలు, నరికే వయసు కూడా తెలిసి ఉండాలి.

అపోహ: ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడాలి.

వాస్తవం: నివేదిక తప్పుల్లేకుండా రాయగలగాలి. ఉచ్చారణను ఎవరూ పట్టించుకోరు.

అపోహ: ప్రాజెక్టు పత్రాలు తయారు చేసినవారే దానిని తనిఖీ చేయడానికి తగినవారు.

వాస్తవం: అది స్వప్రయోజన వైరుధ్యం, నిబంధనలు అందుకు ఒప్పుకోవు. మీరు సలహాదారుగా పనిచేసిన ప్రాజెక్టును మీరే తనిఖీ చేయరాదు. కేంద్రం 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలోనూ ధ్రువీకరణ పని గుర్తింపు పొందిన స్వతంత్ర సంస్థలదే. విదేశీ అవకాశాల కోసం ఎదురుచూడకుండా ఆ సంస్థల్లో తొలి అనుభవం సంపాదించుకోవచ్చు. దరఖాస్తులో గత సంబంధాలను దాచకుండా రాయండి, వాటితో పాటు మీరు స్వయంగా కొలిచి రాసిన క్షేత్ర నివేదిక ఒకటి జతచేయండి. సర్టిఫికెట్ల కట్ట కంటే ముందు నేను తెరిచేది ఆ నివేదికనే.