వాంపైర్ ప్రేమ నవలలూ వాటిని చూసి నవ్వే పాఠకులూ: అపోహలు, వాస్తవాలు

చనిపోయాక సమాధి నుంచి లేచి వచ్చి మనుషుల రక్తం తాగే వాంపైర్ల కథలను చూసి జనం నవ్వడం మొదలై రెండు వందల ఏళ్లు దాటింది. ఇంగ్లిషులో ఆ కథలకూ ఇంచుమించు అంతే వయసు. గోథిక్ సాహిత్యాన్ని (పాత కోటలు, రహస్యాలు, భయం నిండిన కథలను), పాపులర్ నవలను బోధించే ఉపాధ్యాయురాలిని నేను. ఈ పాఠాలు వచ్చినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు ఒక ప్రేమ నవల తెరిచి, పాలరాతి ఛాతీ గురించో మంచులాంటి పెదవుల గురించో ఒక పేరా పైకి చదువుతారు. అందరూ విరగబడి నవ్వుతారు. ఆ నవ్వును నేను ఆపను. సాహిత్య విమర్శ చాలామందిలో అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. అయితే ఆ నవ్వు గురించీ, ఆ నవలల గురించీ కొన్ని తప్పుడు అభిప్రాయాలు గట్టిగా పాతుకుపోయాయి. చదువుకున్నవారి నోటి నుంచి కూడా అవే వినిపిస్తాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఒక నవలను వెక్కిరిస్తున్నారంటే అది వాళ్లకు నచ్చలేదన్నమాట.

వాస్తవం: బాగా వెక్కిరించాలంటే బాగా చదివి ఉండాలి. జేన్ ఆస్టెన్ 'నార్తాంగర్ ఆబీ'లో కేథరిన్ అనే అమ్మాయి ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన గోథిక్ నవలలు చదివి చదివి, అతిథిగా వెళ్లిన పాత భవనంలో ప్రతి మూలా ఒక రహస్యం దాగి ఉందని ఊహించుకుంటుంది. తుఫాను రాత్రి ఒక బీరువాలో కాగితాల చుట్ట దొరుకుతుంది. దీపం ఆరిపోతుంది. భయంతో వణుకుతూ తెల్లవారేదాకా గడిపి తీసి చూస్తే అవి చాకలి పద్దులు! ఇంత చక్కగా ఎగతాళి చేసిన ఆస్టెన్ అదే పుస్తకంలో కథ ఆపి మరీ, నవలలను చిన్నచూపు చూసేవారిని నిలదీస్తుంది. కథానాయకుడు హెన్రీ చేత, రాడ్‌క్లిఫ్ నవలను రెండు రోజుల్లో పూర్తిచేశానని, చదువుతున్నంతసేపూ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని చెప్పిస్తుంది. దీపం ఎప్పుడు ఆరిపోవాలో, బీరువా తాళం ఎంతసేపు మొరాయించాలో ఆ నవలలను ప్రేమగా చదివినవారికే తెలుస్తుంది.

జరుక్ శాస్త్రి పేరడీలు చదివిన తెలుగు పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. శ్రీశ్రీ నడక చెవిలో మోగుతున్నవాడే ఆ నడకను అనుకరించి నవ్వించగలడు.

చదవకుండా నవ్వే నవ్వు కూడా ఉంది, కాదనను. దాన్ని గుర్తుపట్టడం తేలిక. అది అట్ట మీద బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. చదివినవారి నవ్వు ఫలానా అధ్యాయం, ఫలానా వాక్యం అంటూ సాగుతుంది.

అపోహ: అసలు వాంపైర్ భయంకరుడు. ప్రేమ నవలలు వచ్చి అతణ్ణి పాడుచేశాయి.

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఈ మాటే, చరిత్రకు ఎక్కువ దూరమైనదీ ఇదే. 'అసలు' వాంపైర్ కావాలంటే 18వ శతాబ్దపు సెర్బియా పల్లెలకు వెళ్లాలి. అప్పట్లో ఆ ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండేది. మెద్వెజా అనే ఊళ్లో చనిపోయినవారు లేచి వచ్చి బతికినవారిని చంపుతున్నారని గగ్గోలు పుడితే సైన్యం వైద్యులను పంపింది. ఫ్లూకింగర్ అనే సైనిక వైద్యుడు సమాధులు తవ్వించి 1732లో నివేదిక రాశాడు. అందులో కోటలు లేవు, కోరచూపుల యువకులు లేరు. ఉన్నవారు పల్లెజనం. వాళ్లలో మొదటివాడిగా చెప్పుకున్న ఆర్నాల్డ్ పావ్లే ఎండుగడ్డి బండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయినవాడు. శవాలు ఒళ్లు చేసినట్టు ఉన్నాయని, నోటి దగ్గర తాజా రక్తం ఉందని, పాత గోళ్లు ఊడి కొత్తవి వచ్చాయని నివేదిక చెబుతుంది. ఇవన్నీ శరీరం కుళ్లే క్రమంలో జరిగేవే. లోపల వాయువులు చేరి పొట్ట ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి నల్లని ద్రవం నోటి నుంచి బయటికి వస్తుంది, పైచర్మం జారిపోయి కింది పొర కనబడుతుంది. ఈ భయాలు ఎంతకీ తగ్గకపోవడంతో 1755లో మహారాణి మరియా తెరీసా తన ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహా మేరకు శవాలను తవ్వి తీసి కాల్చడం వంటి పనులను నిషేధించింది.

ఉబ్బిన శవం లండన్ విందుల్లోకి అడుగుపెట్టినది 1819లో. ఇంగ్లిషు కవి లార్డ్ బైరన్ దగ్గర వైద్యుడిగా పనిచేసిన జాన్ పాలిడోరి రాసిన 'ది వాంపైర్' కథ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక లండన్ పత్రికలో బైరన్ పేరుతో అచ్చయింది. అందులో లార్డ్ రూత్వెన్ ఉన్నత వంశస్థుడు. ముఖం పాలిపోయి ఉంటుంది, చూపు చల్లగా ఉంటుంది, ఆడవాళ్లు అతని దృష్టిలో పడాలని తహతహలాడతారు. కథ పెళ్లితో ముగుస్తుంది, ఆ రాత్రే వధువు మరణిస్తుంది. ఆకర్షణ, హెచ్చరిక, పెళ్లి, ప్రాణభయం: నేటి వాంపైర్ ప్రేమ నవలకు కావలసిన దినుసులన్నీ అక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. రూత్వెన్ అనే పేరు పాలిడోరి సొంతం కాదు. బైరన్‌తో ప్రేమ తెగిపోయాక లేడీ కేరొలిన్ లాంబ్ అతణ్ణి పాత్రగా మార్చి 1816లో 'గ్లెనార్వన్' అనే నవల రాసింది. అందులో బైరన్‌ను పోలిన పాత్ర పేరే రూత్వెన్. అంటే ఇంగ్లిషు గద్యంలో తొలి దొరగారి వాంపైర్‌కు పేరు పెట్టినది కోపంగా ఉన్న ఒక మాజీ ప్రియురాలి నవల. ప్రేమ నవల వాంపైర్‌ను పాడుచేసిందనే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

ఎగతాళి కూడా ఆలస్యం చేయలేదు. పాలిడోరి కథ ఆధారంగా షార్ల్ నోదియే నాటకం 1820లో పారిస్‌లో ఆడింది. అదే ఏడాది అక్కడి నాటకశాలల్లో వాంపైర్ల మీద హాస్యనాటికలు వరసకట్టాయి. లండన్‌లో ప్లాంషే చేసిన రూపాంతరంలో కథ స్కాట్లండ్‌లో జరుగుతుంది. స్కాట్లండ్ దుస్తులు నాటకశాలలో సిద్ధంగా ఉండటమే కారణం! ఆ ప్రదర్శన కోసం నటుడు ఉన్నట్టుండి మాయమయ్యేలా వేదికలో అమర్చిన తలుపుకు 'వాంపైర్ ట్రాప్' అనే పేరు స్థిరపడింది.

అపోహ: ఎండ తగిలితే వాంపైర్ బూడిద కావాలి. మెరిసిపోవడం నియమభంగం.

వాస్తవం: 2005లో వచ్చిన 'ట్విలైట్'లో స్టెఫెనీ మేయర్ కథానాయకుడి చర్మాన్ని ఎండలో వజ్రాల్లా మెరిపించింది. దాని మీద వచ్చినన్ని హాస్యాలు ఆ నవలలో మరే అంశం మీదా రాలేదేమో. నవ్వవచ్చు. అధ్యాయాల తరబడి భయంకర రహస్యమని ఊరించి, చివరికి తళుకులు చూపిస్తే నవ్వు రావడం సహజం. కానీ నియమం తప్పిందన్న ఆరోపణ నిలవదు. 1897 నాటి బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా'లో వాంపైర్ అయిన డ్రాక్యులా ప్రభువు పట్టపగలు లండన్ పికడిల్లీ వీధిలో నిలబడి ఒక అందమైన అమ్మాయిని చూస్తూ ఉంటాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండలో వాంపైర్ అంతమవడాన్ని స్థిరపరచినది 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'. స్టోకర్ భార్య అనుమతి లేకుండా తీసినందుకు ఆమె దావా వేసింది, ప్రతులను నాశనం చేయాలని కోర్టు తీర్పిచ్చింది. కొన్ని ప్రతులు మిగిలాయి, వాటితో పాటు ఆ నియమమూ మిగిలింది. డ్రాక్యులాను గుండెలో మేకు దిగ్గొట్టి చంపారని చెప్పేవారు కూడా నవల చివరి పుటలు ఒకసారి చూడాలి. అక్కడ ఉన్నవి రెండు కత్తులు. వాటిలో ఒకటి గూర్ఖాల కుక్రీ.

అపోహ: ఆ అతిశయోక్తి వాక్యాలన్నీ రచయితకు రాయడం చేతకాకే వస్తాయి.

వాస్తవం: కొన్ని అలాగే వస్తాయి, ఒప్పుకుంటాను. చాలావాటికి కారణం మాత్రం కథాప్రక్రియలోనే ఉంది. మామూలు ప్రేమ నవలలో నాయకుడి మనసు తెలియజేయడానికి రచయితకు అతని శరీరం సాయపడుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెంపలు ఎర్రబడతాయి, అరచేయి చెమరుస్తుంది, ఊపిరి వేడెక్కుతుంది. వాంపైర్ నాయకుడికి వీటిలో ఏదీ లేదు. గుండె ఆగిపోయింది, ఒళ్లు చల్లబడింది, ఊపిరి అవసరమే లేదు. ఇక మిగిలేవి కళ్ల రంగు, చర్మం గట్టిదనం, చల్లదనం. అందుకే పాలరాయి, మంచు, విగ్రహం మళ్లీ మళ్లీ వస్తాయి. భావం పెరిగిన కొద్దీ రచయిత అవే మూడు నాలుగు పోలికలను ఇంకా బిగ్గరగా వాడవలసి వస్తుంది. విద్యార్థులకు నేనిచ్చే అభ్యాసం ఇదే: గుండె, ఊపిరి, వెచ్చదనం వాడకుండా ఒక ప్రేమ సన్నివేశం రాయండి. రెండో పేరాకే పాలరాయి వచ్చేస్తుంది.

వయసు సంగతీ అంతే. 'ట్విలైట్' నాయకుడు 1901లో పుట్టాడు, 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారిలో మరణించబోతూ పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయాడు. వందేళ్లు దాటినవాడు హైస్కూలు బెంచీ మీద కూర్చోవడం పెద్దలకు నవ్వు తెప్పిస్తుంది. కానీ ఇది కౌమారంలో ఉన్నవారి కోసం రాసిన నవల, కథానాయిక ఉండేది బడిలో. అతణ్ణి అక్కడికి తీసుకురావడం తప్ప రచయిత్రికి దారి లేదు. పైగా ఆకలీ కోరికా ఒకటే అయిపోయిన నాయకుడు కాబట్టి ప్రతి ముద్దూ ప్రాణగండమే. ముట్టుకోవాలా వద్దా అన్న సందేహమే కథను నాలుగు సంపుటాలు నడిపిస్తుంది. ఆ సందేహం లాగిన కొద్దీ నిట్టూర్పులు పెరుగుతాయి, నిట్టూర్పులు పెరిగిన కొద్దీ పేరడీ రాసేవారికి పని దొరుకుతుంది.

ప్రచురణ పద్ధతి కూడా వాక్యాన్ని సాగదీస్తుంది. 1845-47 మధ్య ఇంగ్లండ్‌లో పెన్నీకి ఒక భాగం చొప్పున వెలువడిన 'వార్నీ ద వాంపైర్' రెండు వందల పైచిలుకు అధ్యాయాలు సాగింది. వార్నీ చస్తాడు, వెన్నెల పడితే మళ్లీ లేస్తాడు. అతను వాంపైర్‌గా ఎలా మారాడన్న కథ కూడా ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండదు. నవ్వుకోవలసింది ఎంతో ఉంది. అయినా తన బతుకు మీద తనకే రోత పుట్టిన వాంపైర్ అందులోనే కనిపిస్తాడు. చివరికి వెసూవియస్ అగ్నిపర్వతంలోకి దూకుతాడు. తరవాతి కాలపు బాధామయ నాయకులకు అతను పెద్దన్న. మెడ మీద రెండు పంటిగాట్లు కూడా ఆ చౌక కాగితాల మీదనే కనిపిస్తాయి.

అపోహ: ఇవి చదివేది ఆలోచన లేని ఆడపిల్లలు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను. పుస్తకానికి వేరే అట్ట వేసుకుని చదివే అమ్మాయిలను చూశాను. క్రికెట్ గురించి గంటలు గంటలు మాట్లాడే అబ్బాయి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోడు. ఈ అమ్మాయి తన ఇష్టానికి క్షమాపణ చెప్పుకుంటుంది. ఆస్టెన్ కాలంలోనూ నవలలు చదివే అమ్మాయిల మీద ఇదే నింద ఉండేది.

ఆ నవలల మీద నేను విన్న పదునైన విమర్శ కూడా ఆ అమ్మాయిలదే. నాయకుడు రాత్రిళ్లు చెప్పకుండా గదిలోకి వచ్చి, నిద్రపోతున్న అమ్మాయిని చూస్తూ కూర్చోవడం ప్రేమా, నిఘా? ఆమె స్నేహితుణ్ణి కలవకుండా 'ట్విలైట్' వరసలోని మూడో పుస్తకంలో ఆమె బండిని పనిచేయకుండా చేయడం ఏమిటి? వీటిని తరగతిలో లేవనెత్తినవారు పుస్తకాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థినులు. వాళ్లు పాలరాతి ఛాతీని చూసి నవ్వారు, బండి దగ్గర నవ్వు ఆపి వాదించారు. ఏది హాస్యాస్పదమో, ఏది ప్రమాదకరమో వేరుచేసి చెప్పగలిగినవారిని ఆలోచన లేనివారు అనడం అన్యాయం.

అపోహ: ఇంత ఎగతాళి తరవాత ఈ ప్రక్రియ బతకదు.

వాస్తవం: 1820లోనే చావలేదు. రూత్వెన్ పేరు తగిలించుకున్న నాయకుడితో, హాస్య సంగీత నాటకాలు రాసిన ఇంగ్లిషు జంట గిల్బర్ట్, సలివన్‌లు 1887లో గోథిక్ నాటక ధోరణిని ఆటపట్టించారు. పదేళ్లకు 'డ్రాక్యులా' వచ్చింది. 'ట్విలైట్' మీద పేరడీ నవల 2009లో, పేరడీ సినిమా 2010లో వచ్చాయి. అసలు సినిమాలు 2012 దాకా వస్తూనే ఉన్నాయి.

అపోహ: బిగ్గరగా చదివి నవ్వుకోవడం పుస్తకాన్ని అవమానించడమే.

వాస్తవం: ఎలా చదువుతామన్న దాన్ని బట్టి ఉంటుంది. తరగతిలో నేను పాటించే పద్ధతి చెబుతాను, మీ చదువరుల బృందంలోనూ ప్రయత్నించవచ్చు. ఒక్క వాక్యాన్ని తెంపి చదవకండి, సన్నివేశం మొత్తం చదవండి. గొంతు మార్చకండి, వెటకారం కలపకండి. రచయిత ఎంత గంభీరంగా రాశారో అంత గంభీరంగానే చదవండి. నిజంగా నవ్వు పుట్టించే వాక్యానికి చదివేవారి సాయం అక్కరలేదు. నవ్వు వచ్చిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఆ వాక్యం ఏ పని చేయబోయి జారిపడిందో మాట్లాడుకోండి. ఆ పుస్తకాన్ని ఇష్టపడేవారు బృందంలో ఉంటే ముందు వాళ్ల చేత చదివించండి. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద ఊనిక వేయాలో వాళ్లకు తెలుసు. చివర్లో తలా ఒక పేరా పేరడీ రాయండి. నా విద్యార్థుల్లో కొందరు ఆ పేరాతో ఆగరు. తమ పేరడీలోని అమ్మాయికి తరవాత ఏమవుతుందో తెలుసుకోవాలని రెండో పేరా మొదలుపెడతారు.