ముడిసరుకు అచ్యుతాపురంలో, మాగ్నెట్ చైనాలో, బుకింగ్ రసీదు మన జేబులో

ఎలక్ట్రిక్ స్కూటర్ల డెలివరీ గొడవ విశాఖ షోరూముల్లో మళ్ళీ రాజుకుంది. గాజువాకలో అడిగినా, ఎన్ఏడీ దగ్గర అడిగినా, సిరిపురంలో అడిగినా కౌంటర్ అవతలి నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "కంపెనీ నుంచే పార్ట్స్ లేట్ సార్, మా చేతిలో ఏం లేదు." బుక్ చేసుకున్నవాళ్ళు అడిగేదీ ఒక్కటే. లేటు చేసింది కంపెనీ అయితే, ఈలోగా పెరిగిన ధర, తగ్గిన సబ్సిడీ మా నెత్తిన ఎందుకు పడాలి?

దీనికి సూటిగా జవాబు కావాలంటే ఆ పార్ట్ ఏమిటో, ఎందుకు రావడం లేదో ముందు చూడాలి. ఆ కథలో సగం విశాఖ నుంచి గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్న అచ్యుతాపురంలోనే నడిచింది.

కోవిడ్ రోజుల చిప్‌ల కరువు అందరికీ గుర్తుంది, దాన్ని తిరగదోడక్కర్లేదు. 2021 సెప్టెంబరులో మామూలు ఉత్పత్తిలో 40 శాతమే చేయగలమని మారుతి ముందే ప్రకటించాల్సి వచ్చింది, అది చాలు. ఆ కరువు మిగిల్చిన ఒక అలవాటు మాత్రం ఇవాళ్టి గొడవకు సంబంధించినదే. ఎంతకాలమైనా జనం ఆగుతారని కంపెనీలకు అప్పుడే బోధపడింది. 2022 జులై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్ బుకింగులు తెరిస్తే అరగంట లోపే లక్ష దాటాయి. ప్రకటించిన ధర మొదటి 25 వేల మందికే. మిగతావాళ్ళకు డెలివరీ రోజున ఎంత ఉంటే అంత. ముందే చెప్పారు కాబట్టి దాన్ని మోసం అనలేం. కాకపోతే, ధర తెలియకుండానే బండి బుక్ చేయడం అప్పటి నుంచి మామూలైపోయింది. ఆ రోజుల్లో ఏడాదికి పైగా ఆగినవాళ్ళకు బ్యాంకులో ఇంకో దెబ్బ తగిలింది. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 2022 ఏప్రిల్లో 4 శాతం ఉంటే 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. లోను డబ్బు విడుదలయ్యేది బండి వచ్చినప్పుడే, వడ్డీ కూడా ఆ రోజు రేటే.

ఇప్పటి కొరత మాగ్నెట్‌ది. ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రాన్ని తిప్పే మోటారులో నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసిన శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మోటారు వేడెక్కినా అయస్కాంతం పట్టు సడలకుండా డిస్ప్రోసియం, టెర్బియం అనే మరో రెండు లోహాలను కొద్దిగా కలుపుతారు. పెట్రోల్ కారు కొనేవాళ్ళు ఇది మన గొడవ కాదనుకోనక్కర్లేదు, పవర్ స్టీరింగ్ మోటారులోనూ ఇవే ఉంటాయి. బండి ధరలో వీటి వాటా 5 శాతం లోపేనని రేటింగ్ సంస్థ క్రిసిల్ అంచనా. అదే సంస్థ లెక్క ప్రకారం 2024-25లో మన దేశం దిగుమతి చేసుకున్న ఈ మాగ్నెట్లు దాదాపు 540 టన్నులు, అందులో 80 శాతానికి పైగా చైనా సరుకే. లక్ష రూపాయల బండి ఐదు వేల లోపు వస్తువు కోసం ఆగిపోతోంది.

ఇదంతా 2025లో మొదలైందని కంపెనీలు చెబుతున్నాయి. అసలు మలుపు అంతకు పదిహేనేళ్ళ ముందే వచ్చింది.

2010 సెప్టెంబరులో, చైనా, జపాన్ రెండూ తమవే అనే సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ ఒకటి జపాన్ కోస్ట్‌గార్డ్ ఓడలను ఢీకొట్టింది. జపాన్ ఆ పడవ కెప్టెన్‌ను పట్టుకుంది. కొద్ది రోజుల్లోనే జపాన్‌కు వెళ్ళే రేర్ ఎర్త్ సరుకు, అంటే నియోడిమియం, డిస్ప్రోసియం లాంటి లోహాలు, చైనా రేవుల్లో ఆగిపోయింది. జపాన్ కార్ల కంపెనీలకు చెమటలు పట్టాయి. అప్పటికి వాళ్ళ అవసరంలో 90 శాతం దాకా చైనా నుంచే వచ్చేది. ఆ భయంతో జపాన్ ఆస్ట్రేలియాలోని లైనస్ గనుల కంపెనీకి పెట్టుబడి అందించింది, ఇంకెక్కడ దొరుకుతుందా అని దేశదేశాలూ వెతికింది. ఆ వెతుకులాటలో మన దగ్గరికీ వచ్చింది.

2012లో భారత్, జపాన్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఒడిశాలోని ఛత్రపూర్ దగ్గర ఇసుక నుంచి తీసిన మోనజైట్ అనే రేర్ ఎర్త్ ఖనిజాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ శుద్ధి చేస్తుంది. అలా వచ్చిన మిశ్రమం అచ్యుతాపురం సెజ్‌లోని టొయోట్సు రేర్ ఎర్త్స్ ప్లాంటుకు చేరుతుంది. ఇది టయోటా గ్రూపుకు చెందిన టయోటా సుషో కంపెనీది. ఇక్కడ లోహాలను వేరుచేసి జపాన్‌కు పంపుతారు, మాగ్నెట్ తయారయ్యేది అక్కడ. 2024లో ఇలా వెళ్ళిన సరుకు 1,000 టన్నులు దాటిందని కస్టమ్స్ లెక్కలు చూసి రాయిటర్స్ రాసింది. ఆ ఏడాది ఐఆర్ఈఎల్ తీసిన దాంట్లో అది మూడో వంతు.

జపాన్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. దెబ్బ తిన్నారు, జాగ్రత్తపడ్డారు. చైనా మీద వాళ్ళ ఆధారం తర్వాతి పదేళ్ళలో 60 శాతం దరిదాపుకు తగ్గింది. అదే 2010 వార్త చదివి మనవాళ్ళకు తట్టింది మరొకటి: ముడిసరుకుకు మంచి గిరాకీ వచ్చింది, అమ్మేద్దాం. దేశంలో మాగ్నెట్ తయారుచేసేవాడే లేనప్పుడు ఇక్కడ ఎవరికి అమ్మాలని ఐఆర్ఈఎల్ తరఫున అడగొచ్చు. నిజమే, కానీ తయారుచేసేవాడు ఎందుకు లేడన్నది ఆ పన్నెండేళ్ళలో ఏ ప్రభుత్వమూ గట్టిగా అడగలేదు. వడ్లు అమ్మి అన్నం హోటల్లో కొనుక్కు తిన్నట్టు నడిచింది వ్యవహారం.

విశాఖలో మాగ్నెట్ ఫ్యాక్టరీ ఉందిగా అని కొందరు అడుగుతారు. ఉంది. 2023 మే 11న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. అచ్యుతాపురం వైపే, భాభా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో ఐఆర్ఈఎల్ కట్టింది. అక్కడ తయారయ్యేవి సమేరియం-కోబాల్ట్ మాగ్నెట్లు, అంతరిక్ష, అణు, రక్షణ రంగాల కోసం. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. స్కూటర్ మోటారుకు కావలసిన నియోడిమియం రకం వేరు, కావలసిన టన్నుల లెక్కా వేరు. షోరూములో సేల్స్ కుర్రాడు "మన వైజాగ్‌లోనే ఫ్యాక్టరీ ఉంది సార్, త్వరలో వచ్చేస్తాయి" అంటే నమ్మాల్సిన పని లేదు.

శ్రీకాకుళం నుంచి భీమిలి, ఇంకా కింది దాకా మన తీరం ఇసుకలో మోనజైట్ ఉంది. దేశంలో ఈ నిల్వలు ఎక్కువున్న రాష్ట్రం మనదే. అందులో అణు ఇంధనంగా పనికొచ్చే థోరియం ఉంటుంది కాబట్టి అణుశక్తి చట్టాల కిందికి వస్తుంది, 2019 నుంచి ఈ తవ్వకాలు ప్రభుత్వ సంస్థలకే పరిమితం. తీరం తవ్వితే మత్స్యకారుల బతుకేమిటన్నది వేరే పెద్ద చర్చ, ఇక్కడ దాన్ని ఎత్తుకోను.

ఇక 2025. అమెరికా సుంకాలకు బదులుగా ఏప్రిల్ 4న చైనా ఏడు రేర్ ఎర్త్ లోహాల మీద, వాటితో చేసిన మాగ్నెట్ల మీద ఎగుమతి లైసెన్సు పెట్టింది. డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం ఆ జాబితాలో ఉన్నాయి. కొనేవాడు ఈ మాగ్నెట్లను ఆయుధాలకు వాడనని రాసివ్వాలి, మన ప్రభుత్వం ముద్ర వేయాలి, చైనా రాయబార కార్యాలయం చూడాలి, చివరికి బీజింగ్ ఒప్పుకోవాలి. మే నెలాఖరుకు మన కంపెనీల దరఖాస్తులు 30 దాకా ఢిల్లీ దాటాయి, చైనా ఆమోదించినది ఒక్కటీ లేదు. మారుతి తన ఎలక్ట్రిక్ కారు ఇ-విటారాను ఆరు నెలల్లో 26,500 దాకా చేయాలనుకుని ఆ లక్ష్యాన్ని 8,200కు కుదించుకుందని జూన్‌లో వార్త వచ్చింది. ఆగస్టులో తన ఎలక్ట్రిక్ స్కూటర్ చేతక్ ఉత్పత్తి సున్నా కావచ్చని బజాజ్ చెప్పింది, ఆఖరుకు 20వ తేదీ నుంచి మళ్ళీ మొదలుపెట్టగలిగింది.

అదే జూన్‌లో ఢిల్లీకి అచ్యుతాపురం గుర్తొచ్చింది. జపాన్‌కు ఎగుమతి ఆపమని ఐఆర్ఈఎల్‌కు చెప్పినట్టు రాయిటర్స్ బయటపెట్టింది. రెండు ప్రభుత్వాల ఒప్పందం కాబట్టి, పైగా మిత్రదేశం కాబట్టి, మాట్లాడి మెల్లగా తేల్చుకోవాలన్నది ఐఆర్ఈఎల్ ధోరణి. ఆపేసినా వెంటనే ఒరిగేది లేదు. మన ఇసుకలో నియోడిమియం దండిగా దొరుకుతుంది, చైనా బిగించిన డిస్ప్రోసియం, టెర్బియం నామమాత్రమే. నియోడిమియం చేతిలో ఉన్నా దాన్ని మాగ్నెట్‌గా మార్చే ఫ్యాక్టరీలు ఉండాలి కదా. నవంబరు 26న కేంద్ర కేబినెట్ 7,280 కోట్ల పథకానికి ఒప్పుకుంది. ఏడాదికి 6,000 టన్నుల సామర్థ్యం లక్ష్యం. కంపెనీలను ఎంపిక చేశాక ఫ్యాక్టరీ కట్టడానికి రెండేళ్ళ గడువు. అంటే ఇప్పుడు రసీదు చేతిలో పెట్టుకున్నవాళ్ళకు ఆ పథకంతో పని లేదు.

కంపెనీల మాట ఇక్కడ చెప్పాలి. ఇది తమ చేతిలో లేని అంతర్జాతీయ పరిస్థితి అంటున్నారు, అందులో అబద్ధం లేదు. తమకు వచ్చే బళ్ళ కోటా కంపెనీ నిర్ణయిస్తుందని డీలర్లు చెప్పేదీ నిజమే. కొరత లెక్క మాత్రం ఎప్పుడూ అంత తిన్నగా ఉండదు. 2024 పండగల ముందు దేశవ్యాప్తంగా డీలర్ల దగ్గర 80 రోజులకు సరిపడా కార్లు అమ్ముడుపోక ఉన్నాయని డీలర్ల సమాఖ్య ఫాడానే వాపోయింది. మనం అడిగిన వేరియంట్ ఉండదు, వద్దన్నది యార్డులో ఎండకు ఎండుతుంది. "యాక్సెసరీస్ ప్యాక్ తీసుకోండి, ఇన్సూరెన్స్ మా దగ్గరే చేయించండి, ముందుకు జరుపుతాం" అనే మాట పుట్టేది ఈ సందులోనే. ఇన్సూరెన్స్ ఎక్కడైనా చేయించుకునే హక్కు కొనేవాడిదే.

బుకింగ్ ఫారం వెనకవైపు ఒకసారి చూడండి. కళ్ళజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో సాధారణంగా మూడు వాక్యాలుంటాయి. డెలివరీ తేదీ అంచనా మాత్రమే. డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది. క్యాన్సిల్ చేస్తే కొంత మొత్తం మినహాయిస్తాం. మొదటి వాక్యం కంపెనీకి ఎంత కాలమైనా ఇస్తుంది, రెండోది ఆ కాలం ఖర్చును కస్టమర్ మీద వేస్తుంది, మూడోది అతను బయటికి పోకుండా చూస్తుంది. విడివిడిగా చదివితే మూడూ మామూలు షరతుల్లాగే ఉంటాయి.

సబ్సిడీ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. 2023 జూన్ 1న, ఎలక్ట్రిక్ బళ్ళకు కేంద్రం ఇచ్చే ఫేమ్-2 సబ్సిడీని బ్యాటరీ సామర్థ్యంలో కిలోవాట్ అవర్‌కు 15 వేల నుంచి 10 వేలకు తగ్గించారు, బండి ధరలో 40 శాతం ఉన్న పరిమితిని 15 శాతం చేశారు. మేలో బుక్ చేసినా బండి జూన్‌లో వస్తే తగ్గిన లెక్కే. తర్వాత వచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకంలో 2025-26కు బండికి 5,000 దాకానే ఇచ్చారు. పథకాన్ని 2028 మార్చి దాకా పొడిగించినప్పుడు కూడా టూవీలర్ల గడువును 2026 మార్చి 31గానే ఉంచారు. సబ్సిడీ ఇ-వోచర్ వచ్చేది బండి కొన్నప్పుడు, అడ్వాన్సు కట్టినప్పుడు కాదు. మాగ్నెట్ ఆలస్యానికి ఈ గడువుల్లో మినహాయింపు పెట్టలేదు.

ఈలోగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు పెట్రోల్ బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్ మీద 5 శాతం అలాగే ఉంది. నెలల తరబడి ఎదురుచూసి విసిగినవాడు క్యాన్సిల్ చేసి పెట్రోల్ స్కూటర్ కొనుక్కుందామంటే, పైన చెప్పిన మూడో వాక్యం అడ్డొస్తుంది. నేటి కౌంటర్ గొడవల్లో ఎక్కువ వేడి ఇక్కడే.

మన ముహూర్తాలనూ డీలర్లు బాగానే వాడుకుంటారు. కొత్త బండి ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి ముందు ఆగి, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాకే ఇంటికి రావాలన్నది విశాఖలో చాలా కుటుంబాల పద్ధతి. దసరాకు అడిగిన బండి సరిగ్గా మూఢంలోనో ఆషాఢంలోనో వస్తుంది. వద్దంటే తర్వాతివాళ్ళకు ఇచ్చేసి, "మీరే తీసుకోలేదు సార్" అంటారు. ఆలస్యం అప్పటి నుంచి కస్టమర్ ఖాతాలోకి మారిపోతుంది. అలాంటప్పుడు వద్దన్న మాట కంటే, బండి ఏ తేదీకి ఇస్తామన్నారో, ఏ తేదీకి వచ్చిందో వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉంచుకోవడం ముఖ్యం.

చట్టం కొనేవాడి పక్షాన లేకపోలేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు, స్కూటర్ కేసులన్నీ ఇందులోకే వస్తాయి. అడ్వాన్సు తిరిగి ఇప్పించమనడానికి, సేవాలోపానికి పరిహారం అడగడానికి ఇది చాలు.

ఫారం వెనక ఉన్న ఆ వాక్యాల సంగతి వేరు. కొనేవాడిని నష్టపరిచే షరతులను చట్టం అన్యాయమైన కాంట్రాక్టు అంటుంది, వాటిని కొట్టేయమని అడిగే వీలూ ఇచ్చింది. ఆ అధికారం మాత్రం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, రాష్ట్ర కమిషన్ దగ్గరే మొదలవుతుంది. అది విజయవాడలో ఉంది. ఐదు వేల సబ్సిడీ పోయిన గాజువాక మనిషి జిల్లా కమిషన్‌కు వెళ్ళి తన డబ్బు తను తెచ్చుకోగలడు. షరతు మాత్రం తర్వాత బుక్ చేసేవాళ్ళ ఫారంలో అచ్చయి ఉంటుంది.