చలికి బండి మొరాయిస్తే చలిని తిట్టకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే పొద్దున ఆరున్నరకే నా ఫోన్ మోగుతుంది. "అన్నా, బండి స్టార్ట్ అయితలేదు, చలికి ఇంజిన్ పట్టేసినట్టుంది." ఆదిలాబాద్‌లో టూవీలర్ బండ్లు బాగుచేయబట్టి 18 ఏళ్లయింది, చలికి పట్టేసిన ఇంజిన్ ఇప్పటిదాకా ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. మా దగ్గర చలి తక్కువేం కాదు, జనవరిలో కొన్ని రోజులు 5, 6 డిగ్రీలకు పడిపోతుంది, ఉట్నూరు వైపు నుంచి వచ్చేవాళ్లు చేతులకు కాళ్ల సాక్సులు తొడుక్కుని దిగుతారు. అయినా ఆ చలి ఇంజిన్‌కు లెక్కే కాదు. ఎండాకాలంలోనే సగం చచ్చిన బ్యాటరీ, రెండేళ్లుగా విప్పని స్పార్క్ ప్లగ్గు, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్‌లో చేరిన చెత్త, ఇవన్నీ ఎలాగోలా నెట్టుకొచ్చి చలికి బయటపడతాయి, అంతే. దానికి తోడు ఇంట్లో చేసే సొంత వైద్యం ఒకటి. చలి కన్నా ఆ వైద్యం వల్ల పాడైన బండ్లే నేను ఎక్కువ చూశాను. ఇంట్లో బండి చూసుకోవద్దని కాదు, చూసుకోండి, ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో తెలుసుకుని చూసుకోండి.

అపోహ: చలికాలానికి బండిని మూతపెట్టి, ట్యాంకులో పెట్రోలు చెడకుండా మందు కలిపి, బ్యాటరీ ఊడదీసి పెట్టాలి.

ఇది వీడియోలు చూసి వచ్చిన అపోహ. మా మేనల్లుడు మిషిగన్‌లో ఉంటాడు, నవంబర్‌లో బండి గ్యారేజీలో పెడితే మళ్లీ ఏప్రిల్‌లోనే బయటకు తీస్తాడు. అక్కడ మంచు పడుతుంది, రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పుకు ఇనుము తుప్పు పడుతుంది. ఐదు నెలలు కదలని బండికి వాడు చేసేదంతా సబబే. మన బండి రోజూ పొలానికి, ఆఫీసుకు, పత్తి మార్కెట్‌కు తిరుగుతూనే ఉంటుంది, దానికి ఇవేవీ అక్కర్లేదు. నెల దాటి ఊరికి పోతున్నారా, కార్బొరేటర్ బండైతే కింద ఫ్లోట్ బౌల్‌కు ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి ఆ కాస్త పెట్రోలు తీసేయండి, బ్యాటరీ నెగెటివ్ వైరు పీకేయండి. అంతకు మించి వద్దు.

అపోహ: స్టార్ట్ కాగానే గట్టిగా రేజ్ చేస్తే ఇంజిన్ తొందరగా వేడెక్కుతుంది.

వేడెక్కుతుంది, దాంతోపాటు అరుగుతుంది. రాత్రంతా నిలబడ్డ బండిలో ఆయిల్ కిందికి దిగి ఉంటుంది, చలికి కాస్త చిక్కగా కూడా ఉంటుంది, అది పైకెక్కి వాల్వులను తెరిపించే టాపెట్ల దగ్గరికి, క్యామ్ దగ్గరికి చేరాలంటే కొన్ని సెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ సెకన్లలోనే మనవాళ్లు ఎక్స్‌లేటర్ మొత్తం తిప్పి వీధంతా లేపుతారు. స్టార్ట్ చేయండి, హెల్మెట్ పెట్టుకోండి, గ్లవుజులు తొడుక్కోండి, ఈలోపు అర నిమిషమో నిమిషమో అవుతుంది, అది చాలు. మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పోండి, ఇంజిన్‌తో పాటు గేర్లూ టైర్లూ కూడా వేడెక్కుతాయి. పావుగంట నిలబెట్టి ఆన్‌లో ఉంచితే పెట్రోలు దండగ.

ఇంకొకటి, ఇది తమాషాగా తీసుకోవద్దు. బయట మంచు కురుస్తోందని తలుపులు మూసిన గదిలోనో, షట్టర్ దించిన షెడ్డులోనో బండి ఆన్ చేసి పెట్టేవాళ్లు ఉన్నారు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, తల బరువెక్కిందేంటి అనుకునేలోపు మనిషి పడిపోతాడు. బండిని బయటకు తోసుకొచ్చాకే స్టార్ట్ చేయండి.

అపోహ: చలికి బండి ఏదైనా చోక్ లాగాలి, ఎక్స్‌లేటర్ ఇస్తూ సెల్ఫ్ కొట్టాలి.

పాత కార్బొరేటర్ బండికి చోక్ నిజమే, చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచేది అదే. తాళం పెట్టకుండా నాలుగైదు కిక్కులు, తర్వాత తాళం, చోక్, ఒక కిక్కు, ఎక్కువగా ఇక్కడే అందుకుంటుంది. తప్పు ఎక్కడంటే చోక్ వెనక్కి వేయడం మర్చిపోవడం. ఆఫీసు దాకా చోక్ మీదే పోతే పెట్రోలు ఎక్కువ పడి ప్లగ్గు నల్లగా మసి పడుతుంది, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పైగా మైలేజీ రావట్లేదని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

2020 ఏప్రిల్ తర్వాత కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బీఎస్ సిక్స్ బండ్లు, మా దగ్గర సెన్సార్ బండ్లు అంటారు, దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే. వాటికి చోక్ ఉండదు. ఇంజిన్ చల్లగా ఉందో వేడిగా ఉందో సెన్సార్ చూసుకుని పెట్రోలు అదే పెంచుతుంది, అదే తగ్గిస్తుంది. మీరు చేయాల్సిందల్లా తాళం తిప్పి రెండు మూడు సెకన్లు ఆగడం, ట్యాంకులోంచి పంపు జుయ్‌మనే చప్పుడు ఆగాక ఎక్స్‌లేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కడం. తాళం తిప్పడం, సెల్ఫ్ నొక్కడం ఒకేసారి చేసేవాళ్లే "కొత్త బండి, చలికి మొండికేస్తోంది" అంటారు.

అపోహ: పొద్దున సైలెన్సర్ నుంచి తెల్లపొగ వచ్చి, నీళ్లు కారితే ఇంజిన్ బోర్‌కు వచ్చినట్టే, అంటే సిలిండర్ అరిగిపోయినట్టే.

దీని మీద ఎంతమంది డబ్బులు పోగొట్టుకున్నారో! లీటర్ పెట్రోలు కాలితే అటూ ఇటుగా లీటర్ నీళ్లు పుడతాయి. నమ్మబుద్ధి కాదు కానీ నిజం, పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే అయ్యేది నీరే. ఎండాకాలం అది ఆవిరిగా పోతుంది, మనకు కనపడదు. చలికి మన నోట్లోంచి పొగ వచ్చినట్టే సైలెన్సర్ నుంచీ వస్తుంది, చల్లటి సైలెన్సర్ గొట్టంలో చుక్కలుగా మారి కారుతుంది. ఐదు పది నిమిషాల్లో మాయమైతే దాని గురించి మర్చిపోండి. వేడెక్కాక కూడా పొగ నీలంగా, ఆయిల్ మాడిన వాసనతో వస్తోందంటే అప్పుడు పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో చూడాలి. పొగ రంగు చూడకుండా ఇంజిన్ విప్పుదామన్న మెకానిక్ దగ్గర మాత్రం విప్పించకండి.

అపోహ: చలికి బ్యాటరీ చచ్చిపోయింది, మార్చేయాలి.

బ్యాటరీని చంపేది చలి కాదు, మే నెల. మా దగ్గర 45 డిగ్రీల ఎండలో రోజంతా నిలబెట్టిన బండిలో బ్యాటరీ లోపల ఎండుతుంది, ప్లేట్లు దెబ్బతింటాయి. అప్పుడు బయటపడదు, ఎందుకంటే వేడికి ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. చలికి లోపలి రసాయన చర్య నెమ్మదిస్తుంది, ఇంకోవైపు ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటారుకు బరువు పెరుగుతుంది, ఇచ్చేది తగ్గి అడిగేది పెరిగేసరికి టక్ టక్ మని ఆగిపోతుంది.

కొత్తది కొనే ముందు ఎలక్ట్రికల్ షాపులో చిన్న మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, బ్యాటరీ ధరలో చిన్న వంతే. రాత్రి బండి ఆపి, పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ రెండు కొసల మీద పెట్టి చూడండి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గరుంటే కొంచెం తగ్గింది, పర్లేదు. 12.2 కన్నా కిందికి పోతే చార్జింగ్ పెట్టాల్సిందే. తర్వాత బండి స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేసి చూడండి, సుమారు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అలా చూపించకపోతే తప్పు బ్యాటరీది కాదు, చార్జ్ చేసే రెగ్యులేటర్‌దో, కాయిల్‌దో, వదులైన కప్లర్‌దో. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ వేస్తే పది రోజులకు అదీ పడుకుంటుంది. కొసల మీద తెల్లగా పూసిన బూజు ఉంటే వేణ్ణీళ్లలో తినేసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దండి, తుడిచి ఆరాక కొంచెం వ్యాజిలీన్ రాయండి. సగం "చచ్చిన" బ్యాటరీలు దీనికే లేచి కూర్చుంటాయి.

విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఎందుకంటే నెగెటివ్ తగిలించి ఉండగా పాజిటివ్ మీద పెట్టిన పానా ఫ్రేముకు తగిలిందంటే నిప్పులు రాలతాయి. కారు చార్జర్‌తో తొందరగా ఎక్కిద్దామనుకోవద్దు, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్ చాలు, అంటే దాని పదో వంతు. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, పై గీత దాకే. యాసిడ్ పోస్తే బలం వస్తుందని పోసేవాళ్లున్నారు, ఎండిపోయేది నీళ్లు, యాసిడ్ ఎక్కడికీ పోదు, మళ్లీ యాసిడే పోస్తే ప్లేట్లు తినేస్తుంది.

రోజూ ఐదు నిమిషాలు స్టాండ్ మీద ఆన్ చేస్తే చార్జ్ అవుతుందనేది కూడా ఉత్తమాటే. సెల్ఫ్ లాగేసిన కరెంటు ఐడిలింగ్‌లో అంత తొందరగా తిరిగి రాదు. తిప్పితే ఓ అరగంట రోడ్డు మీద తిప్పండి.

అపోహ: చలికాలానికి ఇంజిన్ ఆయిల్ పలచటిది వేయాలి.

డబ్బా మీద 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యూ అంటే వింటరే. చలికి ఆయిల్ ఎంత చిక్కబడుతుందో చెప్పే నంబరు అది. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. మన ఊళ్లో మైనస్ నేనైతే చూడలేదు. కాబట్టి మాన్యువల్‌లో ఏ నంబరు ఉంటే పన్నెండు నెలలూ అదే. కారుకు తెచ్చిన ఆయిల్ మిగిలింది కదా అని బండిలో పోయకండి, గేర్లున్న బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతాయి, కారు ఆయిల్ జారుడుకు ప్లేట్లు పట్టు తప్పుతాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని, అంటే తడి క్లచ్ బండ్లకు పనికొచ్చే ఆయిల్ గుర్తు, చూసి కొనండి.

అపోహ: ప్లగ్గు ఎంత బిగిస్తే అంత మంచిది.

ఇది నా సొంత తప్పు, పని నేర్చుకునే రోజుల్లో చేశాను. ప్లగ్గు ఇనుము, హెడ్డు అల్యూమినియం. ప్లగ్గు వంకరగా ఎక్కుతుంటే పానాకు పైపు తగిలించి బలవంతంగా తిప్పాను, మర్రలు మొత్తం ఊడి చేతికొచ్చాయి. లేత్ షాపులో బుష్ వేయించి బండి తిరిగి ఇచ్చేదాకా టెన్షన్‌తో అన్నం దిగలేదు. ముందు చేత్తోనే చివరిదాకా తిప్పండి, చేత్తో తిరగట్లేదంటే వంకరగా ఎక్కినట్టు, వెనక్కి తీయండి. కూర్చున్నాక పాత ప్లగ్గైతే పానాతో కొంచెం, కొత్త ప్లగ్గైతే వాషరు నలిగేదాకా అర మలుపు. విప్పడం, బిగించడం రెండూ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. టాపెట్లు కూడా అంతే, వేడి మీద సెట్ చేస్తే గ్యాప్ తప్పు వస్తుంది. చలికాలం పొద్దున్నే ఈ పనులకు మంచి టైము.

అపోహ: చైనుకు తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తే చాలు.

ఆ నల్ల ఆయిల్‌లో ఇంజిన్ అరిగిన పొడి ఉంటుంది, చైను మీద పోస్తే గరుకు కాగితం రుద్దినట్టే. పైగా చిమ్మి వెనక టైరు మీద పడుతుంది. కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ పలచగా రాయండి, పది నిమిషాలాగి పైపైన ఉన్నది తుడిచేయండి. డబుల్ స్టాండ్ వేసి చక్రం చేత్తోనే తిప్పాలి. గేర్‌లో వేసి ఇంజిన్‌తో తిప్పుతూ గుడ్డ పెట్టకండి, గుడ్డతో పాటు వేలు స్ప్రాకెట్లోకి పోతుంది, అలా వేలి కొస పోయినవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు. చైను బిగించాక వెనక డ్రమ్ము బ్రేకు మళ్లీ చూసుకోవాలి, చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు బిగుస్తుంది. ఇది మెకానిక్కులు కూడా మర్చిపోతారు.

అపోహ: చలికి టైరులో గాలి తగ్గించాలి, గ్రిప్ వస్తుంది.

గాలి దానంతటదే తగ్గుతుంది. సుమారు 5, 6 డిగ్రీలు చలి పెరిగితే 1 పాయింటు (పీఎస్ఐ) పడిపోతుంది, మధ్యాహ్నం 30 డిగ్రీల్లో కొట్టించిన గాలి తెల్లారి 6 డిగ్రీలకు 3, 4 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. మళ్లీ మీరు కూడా తగ్గిస్తే పొగమంచులో మలుపు దగ్గర తెలుస్తుంది. పొద్దున బండి కదపకముందు చూసి, స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టుకోండి.

అపోహ: ప్లాస్టిక్ కవర్ కప్పితే మంచు నుంచి బండి సేఫ్.

వేడి బండి మీద ప్లాస్టిక్ కప్పితే లోపలే చెమ్మ పట్టి తెల్లారేసరికి ట్యాంకు కింద, నట్ల మీద నీళ్లు. బండి చల్లారాక గాలాడే గుడ్డ కప్పండి. మొదటి బ్రేకు ఇంటి ముందే రెండుసార్లు నొక్కి చూసుకోండి, మంచుకు తడిసిన డిస్కు మొదటిసారి సరిగ్గా పట్టదు.

అపోహ: బండి పికప్ లేదంటే చలికే.

జైనథ్ వైపు నుంచి ఒక రైతు బండి తెచ్చాడు, చలి మొదలైనప్పటి నుంచి 40 దాటట్లేదన్నాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే నిండా పత్తి, మధ్యలో ఎలుక కాపురం. ఇంట్లో పత్తి రాశి పక్కనే బండి పెడుతున్నాడు, ఎలుకకు వెచ్చటి ఇల్లు, పరుపు రెండూ దొరికాయి. ఫిల్టర్ కొత్తది వేసి, కొరికిన రెండు వైర్లు అతికి పంపించాను, బండిని రాశికి దూరంగా పెట్టమన్నాను, వారానికోసారి సీటు తీసి చూడమన్నాను. పదిహేను రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి ఎలుక టూల్‌కిట్ పక్కన ఉంది.