లొంగుబాటు పత్రం రాసిన సెనెకా ఆఫీసరు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. అమెరికా అంతర్యుద్ధం గురించి చదివినప్పుడు మీకు అధ్యక్షుడు లింకన్, ఉత్తరాది సేనాని గ్రాంట్, లీ పేర్లు తప్పకుండా ఎదురవుతాయి. సెనెకా అనే అమెరికా స్థానిక తెగకు చెందిన ఈలీ పార్కర్ పేరు మాత్రం చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో దాటిపోతుంది. 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని ఆపొమాటొక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు, ఆ షరతుల కాగితాన్ని సిరాతో సాపు రాసింది ఈయనే. అప్పటికి ఆయన అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్. స్థానిక తెగవాడు కాబట్టి, అప్పటి చట్టం లెక్కలో మాత్రం అమెరికా పౌరుడు కాడు. అలా ఎందుకు జరిగిందో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఆయన కథను యుద్ధం దగ్గర మొదలుపెడితే సగమే తెలుస్తుంది. వాళ్లమ్మ దగ్గర మొదలుపెడతాను.

న్యూయార్క్ రాష్ట్రంలో, బఫెలో నగరానికి దగ్గర్లో టొనవాండా అనే చోట సెనెకా తెగవాళ్లు ఉంటారు. ఆరు తెగలు కలిసి కట్టుకున్న ఇరొక్వాయ్ కూటమిలో వాళ్లది పడమటి చివరి తెగ. ఈలీ అక్కడే 1828లో పుట్టాడు. తండ్రి విలియం బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి వచ్చినవాడు. తల్లి ఎలిజబెత్. మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది కదా, సెనెకాల్లో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఎలిజబెత్ తోడేలు వంశపు ఆడపడుచు కాబట్టి ఆమె పిల్లలందరూ తోడేలు వంశమే. తెగ పెద్ద ఎవరు కావాలో చెప్పే హక్కు కూడా వంశంలోని పెద్ద ఆడవాళ్లదే. ఈలీ కడుపులో ఉన్నప్పుడు ఆమెకు ఇంద్రధనుస్సు మధ్యలో విరిగిపోయినట్టు కల వచ్చిందట. పుట్టబోయే బిడ్డ తెల్లవాళ్లలో పేరు తెచ్చుకుంటాడు, అయినా తనవాళ్లను విడిచిపెట్టడు అని కలలకు అర్థం చెప్పే పెద్దాయన అన్నాడని ఆ ఇంట్లో చెప్పుకునేవారు.

ఆ ఇంటికి పెద్ద కష్టం భూమి రూపంలో వచ్చింది. 1838లో జరిగిన ఒక ఒప్పందం ప్రకారం న్యూయార్క్‌లోని సెనెకాలు తమ భూములు ఒక కంపెనీకి వదిలేసి పడమటికి, ఇప్పటి కాన్సస్ వైపు, వెళ్లిపోవాలి. టొనవాండా పెద్దలు ఆ కాగితం మీద సంతకం పెట్టనే లేదు. అయినా పొమ్మన్నారు. వాళ్లకు ఇంగ్లీషు రాదు, ఈలీకి వచ్చు. చిన్నప్పుడు కెనడాలో కొందరు ఇంగ్లీషు అధికారులు తన వచ్చీరాని ఇంగ్లీషుకు నవ్వుకుంటే, పట్టుదలతో తిరిగొచ్చి బడిలో చేరి నేర్చుకున్న కుర్రాడు. మీ వయసులోనే పెద్దలకు దుబాసీగా రాష్ట్ర రాజధాని ఆల్బనీకి, వాషింగ్టన్‌కు తిరిగాడు. 1846లో అధ్యక్షుడు పోక్‌ను కలిశాడు. 1851లో తెగ అతన్ని డొనెహొగావా పదవిలో కూర్చోబెట్టింది. అంటే ఇరొక్వాయ్ కూటమికి పడమటి తలుపు కాపరి. రెడ్ జాకెట్ అనే గొప్ప వక్తకు 1792లో జార్జ్ వాషింగ్టన్ ఇచ్చిన వెండి పతకం కూడా అప్పుడే ఆయన మెడలోకి వచ్చింది.

అంతకు ముందు ఆ పదవిలో ఉన్న జాన్ బ్లాక్‌స్మిత్‌ను ఆయన రంపపు మిల్లు నుంచి కంపెనీ మనుషులు గెంటేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1857లో బ్లాక్‌స్మిత్ పక్షమే గెలిచింది. అదే ఏడాది కుదిరిన కొత్త ఒప్పందంతో, కాన్సస్‌కు పంపడానికి పెట్టిన డబ్బుతోనే వాళ్లు తమ సొంత నేలలో సుమారు 7,500 ఎకరాలు తిరిగి కొనుక్కున్నారు. తన భూమిని తానే కొనుక్కోవాల్సి రావడం ఎంత అన్యాయమో చూడండి. అయినా ఆ నేల నిలిచింది, ఈరోజుకీ వాళ్లు అక్కడే ఉన్నారు. పార్కర్ జీవితంలో అన్నిటికన్నా పెద్ద విజయం ఇదేనని నా నమ్మకం. ఆపొమాటొక్స్ దీని తర్వాతే.

ఈ పోరాటం మధ్యలోనే ఆయన లా చదివాడు. పౌరుడు కానివాడు వకీలు కాలేడని ఆ తలుపు మూసేశారు. దాంతో సివిల్ ఇంజినీరు అయ్యాడు. కాలువలు తవ్వించాడు, ప్రభుత్వ భవనాలు కట్టించాడు. ఆ పని మీదే ఇల్లినాయిలోని గలీనాకు వెళ్లి, తండ్రి తోళ్ల దుకాణంలో పనిచేస్తున్న యులిసిస్ గ్రాంట్‌తో స్నేహం చేశాడు.

1861లో యుద్ధం మొదలైంది. సెనెకా సైనికుల దళాన్ని తెస్తానని పార్కర్ ముందుకొస్తే న్యూయార్క్ గవర్నరు వద్దన్నాడు. ఇది తెల్లవాళ్ల మధ్య గొడవ, నువ్వెళ్లి వ్యవసాయం చూసుకో అన్న అర్థం వచ్చేలా వాషింగ్టన్‌లో మంత్రి సీవర్డ్ చెప్పాడు. తమ్ముడు న్యూటన్ మాత్రం న్యూయార్క్ 132వ పదాతి దళంలో సైనికుడిగా చేరగలిగాడు. చివరికి 1863లో పార్కర్‌కు కెప్టెన్ హోదా దొరికింది. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న విక్స్‌బర్గ్ పట్టణం దగ్గర ఇంజినీరుగా పనిచేసి, తర్వాత గ్రాంట్ సిబ్బందిలో చేరి, 1864లో ఆయన సైనిక కార్యదర్శి అయ్యాడు.

ఇక ఆపొమాటొక్స్‌లో మెక్‌లీన్ అనే ఆయన ఇంటి ముందుగది. గ్రాంట్ షరతులను పెన్సిలుతో రాశాడు. దాన్ని సిరాలో ఎత్తి రాయాల్సిన అధికారి టెన్షన్‌తో చెయ్యి వణికి, ఆ పని పార్కర్‌కు అప్పగించాడు. ఆ సిబ్బందిలో అందరికన్నా అందమైన దస్తూరీ ఈయనదే. ఇంట్లో ఉన్న సిరాబుడ్డి పనికిరాకపోతే, లీ వెంట వచ్చిన మార్షల్ అనే అధికారి తన బుడ్డి ఇచ్చాడు. ఓడినవాళ్ల సిరాతో, తన సొంత దేశం పౌరుడిగా ఒప్పుకోని మనిషి ఆ కాగితం రాశాడు. పార్కర్‌ను చూసి లీ ముఖంలో ఆశ్చర్యం కనిపించిందని అక్కడున్న ఒక అధికారి తర్వాత రాశాడు.

తర్వాత ఆయనకు బ్రిగేడియర్ జనరల్ గౌరవ హోదా వచ్చింది. 1867లో మిన్నీ సాకెట్ అనే తెల్లమ్మాయిని పెళ్లాడితే, పెళ్లికూతురి తండ్రి స్థానంలో నిలబడింది గ్రాంటే. గ్రాంట్ అధ్యక్షుడయ్యాక 1869లో స్థానిక తెగల వ్యవహారాల కమిషనర్ పదవి ఇచ్చాడు. ఆ తెగల మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఇక్కడ మీ దగ్గర ఒక విషయం దాచను. తెగలతో ఒప్పందాలు చేసుకునే పద్ధతినే ఆపేయాలని ఆ కమిషనరే తన నివేదికలో రాశాడు. 1871లో అమెరికా కాంగ్రెస్ ఆపేసింది. టొనవాండా నేలను కాపాడిందే ఒక ఒప్పందం కదా! బలం లేనివాడికి కాగితం మీది మాట రక్షణ కాదని బాధపడి అలా రాశాడేమో అనిపిస్తుంది. అయినా అది ఆయన చేసిన తప్పేనని నేను అనుకుంటాను. సరుకుల కొనుగోళ్లలో మోసం చేశాడని ఆయన మీద ఆరోపణ వచ్చింది. విచారణ ఆయన నిర్దోషి అని తేల్చింది. అయినా మనసు విరిగి 1871లో రాజీనామా చేశాడు. కూడబెట్టిన డబ్బు పోయాక న్యూయార్క్ పోలీసు శాఖలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ బతికాడు. 1895లో కనెక్టికట్‌లో కన్నుమూశాడు. 1897లో బఫెలోలోని ఫారెస్ట్ లాన్ శ్మశానంలో, రెడ్ జాకెట్ సమాధి దగ్గర మళ్లీ ఖననం చేశారు. ఆ వెండి పతకం మ్యూజియం చేతికి పోయి, 2021లో సెనెకా ప్రజలకు తిరిగి అందింది.

పార్కర్ తోడబుట్టిన కరొలైన్ మాట కూడా చెప్పాలి. ఆమె ఆ రోజుల్లోనే ఆల్బనీలో టీచరు చదువు చదివింది. లూయిస్ మోర్గన్ అనే పండితుడు ఇరొక్వాయ్ జీవితం గురించి పుస్తకం రాస్తుంటే పార్కర్‌తో పాటు ఆమె కూడా సాయపడింది. సెనెకా బట్టలు, పూసల పని నమూనాలు సిద్ధం చేసిచ్చింది. 1851లో వచ్చిన ఆ పుస్తకాన్ని మోర్గన్ పార్కర్‌కే అంకితమిచ్చాడు.

పార్కర్ కూతురు మాడ్ 1878లో పుట్టింది. తల్లి తెల్లావిడ కాబట్టి, తండ్రి అంత పెద్ద పదవిలో ఉన్నా ఆ పాపకు తోడేలు వంశం రాలేదు. ఇంకో అన్నదమ్ముడు నికల్సన్ మనవడు ఆర్థర్ పార్కర్‌కూ అదే కారణంతో పుట్టుకతో వంశం దక్కలేదు. అతన్ని సెనెకాలు తర్వాత దత్తత తీసుకుని పేరు పెట్టుకున్నారు. అతను పురావస్తు శాస్త్రవేత్త అయ్యి, 1919లో తన తాతగారి సోదరుడి జీవితచరిత్ర రాశాడు. వాళ్లమ్మ కల సంగతి మనకు చేరింది ఆ పుస్తకం నుంచే.

ఇక ఉంటాను. చదివాక మీకు వచ్చిన సందేహాలు రాయండి.

మీ అమ్మమ్మ