రీసైక్లింగ్ బిన్‌లో వేసింది ఎక్కడికి పోతుంది?

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం తెలుగు క్లాసు అయిపోయే వేళకి మీలో ఒక అమ్మాయి నన్నో ప్రశ్న అడిగింది. "తాతయ్యా, రీసైక్లింగ్ అని మనం వేరుగా పెట్టినవన్నీ చివరికి చెత్తలోనే కలిపేస్తారట. మా నాన్న చెప్పారు. మరి కడిగి, వేరు చేసి ఎందుకు పెట్టాలి?" అని. మంచి ప్రశ్న. కారు ఎక్కే హడావిడిలో రెండు మాటల్లో చెప్పి వదిలేసేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. గుంటూరు మునిసిపాలిటీలో నా ఉద్యోగమంతా ఊరి చెత్త చుట్టూనే గడిచింది. మీ వర్జీనియాకి వచ్చి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటున్నా నా కళ్లు ముందు వెళ్లేది వీధి చివర పెట్టిన డబ్బాల మీదికే.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ నాన్న చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. రీసైక్లింగ్‌లో వేసినవాటిలో కొన్ని చెత్తలోకే పోతాయి. అయితే ఏవి పోతాయి, ఎందుకు పోతాయి అన్నది చాలా వరకు మన వంటింట్లోనే తేలిపోతుంది.

మొదట ట్రాష్, అంటే రీసైక్లింగ్‌లో వేయని మామూలు చెత్త సంగతి. ఈ కౌంటీలో 11 లక్షలకు పైగా జనం ఉన్నారు. వీధుల్లో తిరిగే చెత్త బండ్లన్నీ కౌంటీవే అనుకుంటారు చాలామంది. కాదు. పది ఇళ్లలో దాదాపు ఒక ఇంటికే కౌంటీ బండి వస్తుంది, మిగతా ఇళ్లకి ప్రైవేటు కంపెనీల బండ్లు వస్తాయి. మీ వీధికి మంగళవారం, పక్క కాలనీకి శుక్రవారం రావడానికి కారణం అదే. పాత సోఫా తీసుకెళ్లాలంటే ఒకరు ముందే ఫోన్ చేయమంటారు, ఇంకొకరి రూలు ఇంకోలా ఉంటుంది. ఏదైనా తేడా వస్తే ముందు మీ ఇంటికి వచ్చే బండి ఎవరిదో చూసుకోవాలి.

ఆ బండ్లలో కొన్ని వెస్ట్ ఆక్స్ రోడ్డులో ఉన్న, ఐ-66 హైవే పేరుతో పిలిచే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి వెళ్తాయి. అక్కడ పెద్ద షెడ్డులో చెత్త కుమ్మరిస్తారు, దాన్ని ఇంకా పెద్ద ట్రక్కుల్లోకి ఎత్తి పంపిస్తారు. అందులో ఎక్కువ భాగం చేరేది దక్షిణాన ఉన్న లార్టన్‌కి. అక్కడ 1990 నుంచి చెత్తని కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఒకటి నడుస్తోంది. రోజుకి 3,000 టన్నుల దాకా కాల్చగలదు. ఆ వేడికి నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్ తిప్పుతుంది. చెత్త కాలాక దాని పరిమాణం పదో వంతుకు తగ్గిపోతుంది. బూడిదలో మిగిలిన ఇనుముని అయస్కాంతాలతో లాగేసి, మిగతా బూడిదని దగ్గర్లోనే ఉన్న ఐ-95 ల్యాండ్‌ఫిల్‌లో పరుస్తారు. ఆ ల్యాండ్‌ఫిల్‌లో ఒకప్పుడు చెత్తనే నేరుగా పూడ్చేవారు. ఆ పాత చెత్త లోపల కుళ్లుతూ మీథేన్ గ్యాస్ వదులుతుంది. గొట్టాలు దింపి ఆ గ్యాస్ బయటికి లాగి దానితోనూ కరెంటు తీస్తున్నారు. అమ్మమ్మలు, తాతయ్యలు ఉద్యోగాలు చేసుకునే రోజుల్లో జనం పారేసిన చెత్త అది!

కరెంటు వస్తోందంటే ఇక ఎంత పారేసినా ఫరవాలేదని మాత్రం అనుకోకండి. 2017లో ఆ ప్లాంటులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా నెలలు మూతపడింది. పొగ గురించి, భద్రత గురించి లార్టన్ చుట్టుపక్కల వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. కౌంటీలో అన్ని ఇళ్ల చెత్తా ఒక ఊరి పక్కకి చేరుతోంది. మనం ఒక సంచి తక్కువ పారేస్తే మేలు జరిగేది వాళ్లకి.

ఇక రీసైక్లింగ్. మా ఊళ్లో పాత పేపర్లు కొనే అతను తక్కెడ పట్టుకుని వీధిలోకి వచ్చేవాడు. పొడి పేపరు తూకం వేసుకుని డబ్బులిచ్చేవాడు, వానకి తడిసిన కట్ట పక్కన పెట్టేసేవాడు. సీసా చూసేవాడు, పగిలి ఉంటే వద్దనేవాడు. ఇక్కడా అంతే. రీసైక్లింగ్ బండిలో వెళ్లేది అమ్మకానికి పెట్టే సరుకు. కొనేవాడు ఉండాలి, వాడు కోరినంత శుభ్రంగా ఉండాలి. ఈ రెండూ ఉంటే ఆ సరుకు మళ్లీ పేపరో డబ్బానో అవుతుంది, లేకపోతే అది చెత్తే.

బండి దాన్ని సార్టింగ్ కేంద్రానికి తీసుకెళ్తుంది. కన్వేయర్ బెల్టు మీద అన్నీ కలిసి వస్తుంటాయి. ముందుగా మనుషులు అటూ ఇటూ నిలబడి రాకూడనివి చేతులతో ఏరేస్తారు. తరవాత తిరిగే చక్రాల వరసల మీద అట్టపెట్టెలు పైకి తేలిపోతాయి, చిన్నవి కిందికి జారతాయి. ఇనుప డబ్బాలని అయస్కాంతం పట్టుకుంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కదా, దాన్ని ఎగరగొట్టడానికి వేరే యంత్రం ఉంటుంది. ఏ సీసా ఏ రకం ప్లాస్టిక్‌దో వెలుతురుతో గుర్తుపట్టి గాలి ఊది పక్కకి నెట్టే యంత్రాలు కూడా ఉన్నాయి. చివరికి ఒక్కో రకాన్నీ పెద్ద పెద్ద కట్టలుగా నొక్కి అమ్ముతారు. వీటిలో నాకు బాగా నచ్చేది మీరు తాగే సోడా క్యాన్. ఖనిజం తవ్వి కొత్తగా అల్యూమినియం తయారుచేయడం కంటే పాత క్యాన్ కరిగిస్తే దాదాపు 95 శాతం శక్తి ఆదా అవుతుంది. కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాబట్టి క్యాన్‌ని ట్రాష్‌లో వేయడం నిజంగా తప్పు.

మీ నాన్న మాటకి మూలం బహుశా 2018 నాటి వార్తలు. అంతకుముందు అమెరికా తన పాత కాగితాన్నీ ప్లాస్టిక్‌నీ ఓడల్లో చైనాకి అమ్మేది. చెత్త కలిసిన సరుకు చూసీ చూసీ చైనా విసిగిపోయింది. కొన్ని రకాలు అసలు వద్దంది, మిగతావాటిలో మలినం అర శాతం మించకూడదని ఆ ఏడాది నుంచి గట్టిగా అమలు చేసింది. అర శాతం అంటే వంద కిలోల్లో అర కిలో! ఇక్కడి సరుకు ఆ లెక్కకి ఎక్కడా ఆనలేదు. కొన్ని ఊళ్లలో కొనేవాళ్లు లేక రీసైక్లింగ్ కోసం పెట్టినవాటిని నిజంగానే కాల్చారు, పూడ్చారు. ఆ కబుర్లు విన్న పెద్దవాళ్లు 'అంతా నాటకం' అనేసుకున్నారు. ఆ సమయంలోనే మన కౌంటీ చేసిన ఒక పని గురించి మాత్రం చాలామందికి తెలియదు.

అది గాజు సంగతి. గాజు సీసాలని కాగితంతో, ప్లాస్టిక్‌తో కలిపి ఒకే బిన్‌లో వేసినన్నాళ్లూ ఏమయ్యేదంటే, బండిలో నొక్కగానే సీసాలు పగిలిపోయేవి. ఆ పెంకులు కాగితంలో గుచ్చుకుని కాగితం ధర కూడా పోయేది. యంత్రాల పళ్లు అరిగిపోయేవి. ఆ గాజు పొడిని ఎవరూ కొనేవారు కాదు. రీసైక్లింగ్ అని పేరే గానీ ఆ గాజు చేరేది చెత్తలోకే. అందుకని ఫెయిర్‌ఫాక్స్, ఆర్లింగ్టన్, అలెగ్జాండ్రియా, ప్రిన్స్ విలియం కలిసి గాజుకి మాత్రం వేరే డబ్బాలు పెట్టాయి. మీరు పార్కింగ్ లాట్లలో చూసే ఆ పెద్ద ఊదా రంగు పెట్టెలు అవే. 2019లో ఫెయిర్‌ఫాక్స్‌లో ఇంటి ముందు బిన్‌లో గాజు వేయొద్దన్నారు. ఊదా పెట్టెల్లో పడిన సీసాలు లార్టన్‌లోని ఐ-95 కేంద్రానికి వెళ్తాయి. అక్కడ 'బిగ్ బ్లూ' అని ముద్దుగా పిలుచుకునే యంత్రం వాటిని ఇసుకగా, కంకరగా పిండి చేస్తుంది. ఆ ఇసుక, కంకర నిర్మాణ పనుల్లో పడతాయి, పైపులు పాతేటప్పుడు కింద పరవడానికి కూడా వాడతారు. కొంత గాజు మళ్లీ సీసాలు చేసేవాళ్లకి వెళ్తుంది. సీసా అదే, గాజు అదే. కలిపి వేస్తే చెత్త, విడిగా వేస్తే సరుకు. మీ ప్రశ్నకి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు ఈ కౌంటీలో కనబడలేదు.

ఇప్పుడు మన తెలుగు ఇళ్లకి వద్దాం. సోనా మసూరి బియ్యం వచ్చే అల్లిక సంచి రీసైక్లింగ్‌లో పనికిరాదు. దాన్ని ఇంట్లో ఇంకేదైనా పనికి వాడుకోండి, చినిగాక ట్రాష్‌లో వేయండి. కరివేపాకు వచ్చిన పల్చటి కవరు, పప్పుల ప్యాకెట్లు, షాపులో ఇచ్చే ప్లాస్టిక్ సంచులు ఏవీ ఆ బిన్‌లో వేయకూడదు. సార్టింగ్ కేంద్రంలో ఇవి తిరిగే చక్రాలకి చుట్టుకుపోతాయి. అప్పుడు యంత్రం మొత్తం ఆపి, మనిషి లోపలికి దిగి కత్తితో కోసి తీయాలి. షాపు సంచుల్లాంటి మెత్తటి ప్లాస్టిక్‌ని కొన్ని కిరాణా షాపుల గుమ్మం దగ్గర వేరే పెట్టెలో తీసుకుంటారు, శుభ్రంగా పొడిగా ఉంటే అక్కడ వేయండి. 2022 జనవరి 1 నుంచి ఈ కౌంటీలో కిరాణా షాపులు, మందుల షాపుల్లో సంచికి 5 సెంట్లు పన్ను వేస్తున్నారు. గుడ్డ సంచి కారులో పెట్టుకుంటే ఆ గొడవే లేదు.

పాల క్యాన్, పెరుగు డబ్బా ఒకసారి నీళ్లతో కడిగి వేస్తే చాలు, తళతళలాడేలా తోమక్కరలేదు. అట్టపెట్టెలు మడిచి పెట్టండి. ఆవకాయ సీసా నూనె పోయేలా కడిగి ఊదా పెట్టెలో వేయండి. వాడిన కాగితం పళ్లేలు, నూనె కారిన పిజ్జా అట్ట అడుగు, ఫోమ్ గిన్నెలు ట్రాష్‌లోకే. మన పండగ భోజనాల్లో ఈ ఫోమ్ పళ్లేలు గుట్టలుగా పడి ఉండటం చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ప్రతి ఇంట్లోనూ అటక మీద ఇండియా నుంచి తెచ్చుకున్న స్టీలు కంచాలుంటాయి. నలుగురూ తలా కొన్ని తెస్తే వంద మంది భోజనం అయిపోతుంది. కడగడానికి నేనూ వస్తాను.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో అంకె కనబడగానే రీసైకిల్ అవుతుందని అనుకుంటారు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లే పెట్టుకున్న గుర్తు అది. ఏ రకం ప్లాస్టికో మాత్రమే చెబుతుంది, ఎవరైనా కొంటారో లేదో చెప్పదు. ఏదైనా సందేహం వస్తే ఆ వస్తువుని ట్రాష్‌లోనే వేయండి. 'వేసి చూద్దాం, వాళ్లే ఏరుకుంటారు' అనే మంచి ఉద్దేశంతో వేసినవే అక్కడ ఎక్కువ పాడుచేస్తాయి.

ఇంట్లో చాలామంది పెద్దవాళ్లు షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటుంటారు. ఆ సూదులు ఎట్టి పరిస్థితిలోనూ రీసైక్లింగ్‌లో వేయకూడదు. బెల్టు పక్కన చేతులతో ఏరే మనుషుల గురించి చెప్పాను కదా. డిటర్జెంట్ వచ్చే గట్టి ప్లాస్టిక్ సీసాలో సూదులు వేసి, మూత బిగించి టేపు చుట్టి, పైన రాసి ట్రాష్‌లో పెట్టాలి. ఈ పని అమ్మమ్మకో నాన్నమ్మకో మీరు గుర్తుచేయండి, మీరు మాత్రం ముట్టుకోవద్దు. ఫోన్లలో, బొమ్మల్లో ఉండే చార్జింగ్ బ్యాటరీలు కూడా ఏ బిన్‌లోనూ వేయకూడదు. బండిలో నలిగితే నిప్పంటుకుంటుంది, చెత్త బండ్లు తగలబడిపోయిన సందర్భాలు ఈ దేశంలో చాలా ఉన్నాయి. బ్యాటరీలు, పురుగుల మందులు, ఆయిల్ పెయింట్లు ఇంట్లో ఒక పెట్టెలో పోగుచేసి ఐ-66 దగ్గరికో ఐ-95 దగ్గరికో తీసుకెళ్తే కౌంటీలో ఉండేవాళ్ల దగ్గర ఊరికే తీసుకుంటారు. ఏ రోజు, ఏ వేళ అన్నది ముందు చూసుకుని వెళ్లాలి. గారెలు వేయించిన నూనె సింకులో పోయొద్దని అమ్మకి చెప్పండి. పైపులో గడ్డకట్టి వీధి మురుగు మొత్తం ఆగిపోతుంది. చల్లారాక మూత ఉన్న డబ్బాలో పోసి పారేయాలి.

కూరగాయల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం ఇంకో సంగతి. తడి చెత్తలో సగానికి పైగా నీళ్లే, దాన్ని కాల్చడం అంటే నీళ్లు కాల్చడమే. గుంటూరులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని ఇంటింటికీ తిరిగి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇక్కడ ఐ-66, ఐ-95 కేంద్రాల్లోనూ, కొన్ని రైతు బజార్లలోనూ ఆహార వ్యర్థాలకి వేరే బిన్‌లు పెట్టారు, అక్కడ వేస్తే ఎరువు అవుతుంది. పెరడు ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆకులు, గడ్డి బయట పెట్టేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం సంచిలోనే పెట్టాలి.

ఈ దేశంలో 2018 లెక్క ప్రకారం మనిషి రోజుకి 2.2 కిలోల చెత్త పారేశాడు. అందులో రీసైకిల్ అయినదీ ఎరువు అయినదీ కలిపితే మూడో వంతు కూడా లేదు. మీ నాన్నకి ఈ అంకె కూడా చెప్పండి, ఆయన అనుమానం ఊరికే రాలేదు. గాజు కథ కూడా చెప్పండి.

వచ్చే ఆదివారం క్లాసుకి వచ్చేటప్పుడు ఇంట్లో ఖాళీ సీసాలుంటే తెచ్చుకోండి, అందరం కలిసి ఊదా పెట్టెలో వేసి వద్దాం. మూతలు తీసేయండి, అంటించిన కాగితం ఉన్నా ఫరవాలేదు. పగిలిన అద్దాలు, పింగాణీ కప్పులు, బల్బులు వద్దు, సీసాలు మాత్రమే. తెచ్చిన సంచి అందులో వేయకుండా వెనక్కి తీసుకెళ్లాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య