చిల్లర తిరిగి ఇచ్చే భక్తి

ఒంగోలు

బాప్తిస్మానికి పేర్లిచ్చిన పిల్లలకు, ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

రక్షణ అంటే ఏమిటి, నీళ్ళలో ఎందుకు మునుగుతాం, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి ఎట్లా రావాలి, ఇవన్నీ పాస్టరుగారు క్లాసుల్లో చెప్తారు. నేను రాసేది మీరు ఇంట్లో, బడిలో, అంగడి దగ్గర చేయాల్సిన సాధన గురించి. బాప్తిస్మం తీసుకున్న ఏడాదిలోపే చల్లారిపోయే పిల్లలు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ళకు భక్తి లేక కాదు. అది ఆదివారం దాటి సోమవారం పనుల్లోకి దిగలేదు, అంతే.

పేరిచ్చిన నెలలోనే బాప్తిస్మం ఇవ్వలేదని చిన్నబుచ్చుకోవద్దు. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలిపని చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళకు కొదవలేదు. అయినా ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూటికోసం వచ్చేదెవరో, క్రీస్తుకోసం వచ్చేదెవరో సాయం ఆగాక గాని తేలదని ఆగారు. సాయం ఆగింది, జనం మాత్రం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక విడతకు ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఆ అంకె మన సభల్లో తరచూ వినిపిస్తుంది. దాని వెనక ఓర్చుకుని ఆగిన కాలం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు మాత్రం ఆ ఆగడమే ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

మీకు ఈ పరీక్ష ఇంకో రూపంలో వస్తుంది. టెన్త్‌లో మంచి మార్కులొస్తే బాప్తిస్మం తీసుకుంటానని మొక్కుకున్నవాళ్ళు మీలో ఉంటే, ఆ మొక్కు ఇప్పుడే వదిలేయండి. అది దేవుడితో బేరం. మార్కులు తగ్గిన రోజున విశ్వాసమూ తగ్గుతుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కింద నేను రాసే పనులేవీ రక్షణ సంపాదించి పెట్టవు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం 8, 9, 10 వచనాలు మూడూ కలిపి చదవండి. కృపచేత రక్షణ, క్రియలవలన కాదు, కానీ సత్క్రియల కోసం సృష్టించబడ్డాం. తొమ్మిదో వచనం దగ్గర ఆగినవాడు సోమరి అవుతాడు. పదో వచనం ఒక్కటే పట్టుకున్నవాడికి గర్వం వస్తుంది.

ఇక పొద్దున పని. ఇరవై నిమిషాలు చాలు, కానీ ఫోను ముట్టుకోకముందు. రాత్రి తొమ్మిదికి ఫోను వేరే గదిలో చార్జింగు పెట్టేయండి, అలారానికి మామూలు గడియారం పెట్టుకోండి. ఫోనులో బైబిల్ చదవడం తప్పు కాదు. కానీ పైన మెసేజీ కనపడగానే కన్ను అటే పోతుంది. అందుకే మీ వయసుకు పుస్తకమే మంచిది.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలు. రోజుకు సగం అధ్యాయం చదివితే సుమారు నెలరోజులు. ఆదికాండంతో ఉత్సాహంగా మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోయే పిల్లలు చాలామంది. బలుల లెక్కలు, కుష్ఠు పరీక్షలు ఒంటరిగా చదివితే అర్థంకావు, అది మీ తప్పు కాదు. బైబిల్ మొత్తం ఏడాదిలో చదవాలనుకునే పెద్దపిల్లలకు లెక్క ఇది: మొత్తం 1,189 అధ్యాయాలు, మామూలు రోజుల్లో మూడు, ఆదివారం అయిదు చదివితే పూర్తవుతుంది. కానీ మొదటి ఏడాది ఆ పరుగు వద్దు. కళ్ళు మూసుకుని పుస్తకం తెరిచి, వేలు పడ్డ వచనమే ఈరోజు వాగ్దానమనుకునే అలవాటూ వద్దు. ముందు వెనక మాటలు తెలియకుండా తీసుకున్న వచనంతో మనకు నచ్చిందే దేవుడితో చెప్పించుకుంటాం.

చదివాక నోటుపుస్తకంలో ఒక్క వరుస రాయండి. యేసు ఇక్కడ ఏం చేశాడు, నేను ఈరోజు ఎవరి విషయంలో ఏం చేయాలి. రెండో దానిలో మనిషి పేరు, సమయం ఉండాలి. "నేను ప్రేమగా ఉండాలి" అని రాస్తే సాయంత్రానికి అది జరిగిందో లేదో మీకే తెలియదు. "బడినుంచి రాగానే చెల్లికి లెక్కలు విసుక్కోకుండా చెప్పాలి" అని రాస్తే తెలుస్తుంది. పడుకునేముందు ఆ వరుస పక్కన అయింది, కాలేదు అని రాయండి. కాలేదు అని వరుసగా వారం వచ్చినా పుస్తకం మూయవద్దు. అదే పని మళ్ళీ రాయండి, ఇంకా చిన్నది చేసి రాయండి.

కంఠత వాక్యం వారానికి ఒక్కటి. వి.బి.ఎస్. (సెలవుల్లో జరిగే బైబిల్ బడి) పోటీకి పది రోజుల్లో ముప్ఫై వచనాలు బట్టీపట్టి, బహుమతి అందుకున్న వారానికి అన్నీ మరిచిపోవడం మనకు అలవాటైపోయింది. చీటీ మీద రాసి, వచనం చెప్పేముందు ఒకసారి, చెప్పాక ఒకసారి అధ్యాయం, వచనం సంఖ్య పలకండి. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, తర్వాత నెలకోసారి అప్పజెప్పండి. ఏడాదికి యాభై రెండు అవుతాయి, అవి నిలుస్తాయి.

ప్రార్థన గురించి పెద్దగా రాయను. అయిదు నిమిషాలైనా మీ సొంత మాటల్లో చేయండి. పాస్టరుగారి గొంతు, ఆయన పదాలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. రోజుకు ఇద్దరి పేర్లు పెట్టుకోండి, వారంలో ఒకరోజు మీకు గిట్టని మనిషి పేరు తప్పకుండా ఉండాలి. ఉపవాసం మాత్రం జాగ్రత్త. ఎదిగే వయసు, పరీక్షలు, ఎండలు. రోజంతా కడుపు మాడ్చుకోవద్దు. సాయంత్రం తినే బజ్జీలు మానుకుని, ఆ డబ్బు అవసరమున్నవాళ్ళకు ఇవ్వండి. జ్వరమున్నవాళ్ళు, మందులు వాడేవాళ్ళు అసలే చేయవద్దు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. తప్పు చేశాక ఏం చేయాలో మనం పిల్లలకు సరిగా నేర్పడం లేదు. "ప్రభువా క్షమించు" అని కన్నీళ్ళతో చెప్పడం వరకే నేర్పాం.

అమ్మ రెండు వందల నోటిచ్చి చిల్లర కొట్టుకు పంపింది అనుకోండి. నూట ముప్ఫైకి సరుకులు తీసుకున్నారు. డెబ్భై రావాలి. మీరు ఇంటికొచ్చి ఇరవై ఇచ్చి, నూనె ధర పెరిగిందన్నారు. ఇక్కడ రెండు తప్పులున్నాయి, యాభై రూపాయలు ఒకటి, నూనె మాట ఒకటి. రాత్రి ప్రార్థనలో ఏడ్చినా ఆ యాభై ఇంకా మీ జామెట్రీ బాక్సులోనే ఉంది, అమ్మ మనసులో కొట్టాయన ధరలు పెంచేశాడన్న మాట ఇంకా ఉంది. అంటే ఏ తప్పూ చేయని మనిషికి కూడా చెడ్డపేరు అంటించారు.

సరిచేసే పద్ధతి ఇది. ముందు దేవుడి దగ్గర ఆ పని పేరు పెట్టి ఒప్పుకోండి: దొంగతనం చేశాను, అబద్ధమాడాను. "ఏదైనా తప్పు చేసి ఉంటే" అనే మాట వాడవద్దు. తర్వాత ఆరోజే, ఎక్కువలో ఎక్కువ మర్నాటికల్లా అమ్మ దగ్గరికి వెళ్ళండి. ఆలస్యం చేసేకొద్దీ మనసు సాకులు వెతుకుతుంది. "అమ్మా, చిల్లరలో యాభై తీసుకున్నాను. నూనె ధర పెరగలేదు, అది అబద్ధం." అంతే. ఆ తర్వాత "కానీ" అనే మాట రాకూడదు. "కానీ అన్నకు ఇస్తావు, నాకు ఇవ్వవు" అన్నారా, ఒప్పుకోలు పోయి తగాదా మొదలవుతుంది. డబ్బు చేతిలో పెట్టండి. ఖర్చయిపోయి ఉంటే ఎన్ని వారాల్లో ఎంతెంత ఇస్తారో చెప్పండి. అమ్మ కోప్పడితే పడండి. ఒప్పుకున్నాను కాబట్టి తిట్టకూడదనడం కుదరదు.

లేవీయకాండం ఆరో అధ్యాయం మొదట్లో, అన్యాయంగా తీసుకున్నదానికి అయిదోవంతు కలిపి తిరిగి ఇమ్మని ఉంది. యాభైకి పది, మొత్తం అరవై. సువార్తలో పన్ను వసూలు చేసే జక్కయ్య, యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మీరు మోషే ధర్మశాస్త్రం కింద ఉన్నారని కాదు నేను చెప్పేది. నష్టపోయిన మనిషికి మన పశ్చాత్తాపం చేతికి అందాలని ఆ లెక్క నేర్పుతుంది. ఆ పది రూపాయలు మీ జేబునుంచి పోయినప్పుడు కలిగే బాధ, మళ్ళీ చేయి చాపినప్పుడు గుర్తొస్తుంది.

పరీక్షలో చూసి రాయడం, స్నేహితుడి రికార్డు చూసి దించుకోవడం, కొట్టాయన పొరపాటున ఎక్కువిచ్చిన పది రూపాయలు, అన్నిటికీ ఇదే దారి. కానుక కోసం ఇచ్చిన డబ్బుతో ఐస్‌క్రీం కొనుక్కోవడానికీ అంతే. చేతికి డబ్బు వచ్చిన రోజే దశమభాగం విడిగా తీసి పెట్టండి, యాభైలో అయిదు. ఆదివారం దాకా జేబులో ఉంచితే మిగలదు.

నోటి తప్పులు ఇంకా కష్టం, ఎందుకంటే మాటను తిరిగి ఇవ్వలేం. ఒకరి గురించి నలుగురిలో అన్న మాటను ఆ నలుగురిలోనే తప్పని చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టింది గ్రూపులోనే సరిచేయాలి, విడిగా సారీ మెసేజీ చాలదు. ముఖ్యంగా కులం పేరుతో ఎగతాళి. పై కులాలవాళ్ళు, మాదిగలను చేర్చుకోవడం ఆపితేనే మేం వస్తామన్నప్పుడు, ఒంగోలు మిషను 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం 26 నుంచి 29 వచనాలు, లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట, పట్టుకుని ఒప్పుకోలేదు. మన సంఘాలకు పునాది వేసినవాళ్ళలో తాళ్ళకొండపాడు నుంచి వచ్చిన యర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ. అట్లాంటి సంఘంలో పుట్టి, బడిలో పక్క కుర్రాడి ఇంటిపేరు ఆరా తీసి వాళ్ళు ఎవరని అడగడం మీకు తగదు. ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలో లెక్కలేసుకోవడం పెద్దవాళ్ళలో కనిపించినా, మీరు నేర్చుకోవద్దు.

క్షమించడం గురించి ఒక హెచ్చరిక. ఎవరైనా పెద్దవాళ్ళు, బంధువులైనా, సంఘంలో పేరున్నవాళ్ళైనా, మిమ్మల్ని ముట్టుకోకూడని చోట ముట్టుకుని ఎవరికీ చెప్పవద్దంటే, అక్కడ విధేయత చూపనక్కర్లేదు. క్షమించాలి కాబట్టి మౌనంగా ఉండాలని ఎవరు చెప్పినా నమ్మవద్దు. వెంటనే అమ్మకో టీచరుకో చెప్పండి, లేదా 1098కు ఫోను చేయండి. అది పిల్లల సహాయ నంబరు, డబ్బు ఖర్చు కాదు. తప్పు మీది కాదు.

ఉజ్జీవ కూడికల్లో ఏడ్చి, చేయి పైకెత్తి, నేను పూర్తిగా మారిపోతానని నిర్ణయం తీసుకుని, గురువారానికల్లా పాత తీరుకు వస్తే దిగులు పడుతుంటారు. ఆ కన్నీళ్ళు అబద్ధం కావు. నిర్ణయం మరీ పెద్దది, దానికి చేతులూ కాళ్ళూ లేవు. అందుకే ఆ రాత్రే నోటుపుస్తకం తీసి, రేపు ఒక్క మనిషి విషయంలో ఒక్క పని రాయండి. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోట పెట్టినవాళ్ళు మూడు నాలుగేళ్ళు నీళ్ళు కట్టి గాని కాపు చూడరు. గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలోని దీర్ఘశాంతం, ఆశానిగ్రహం మీలో వస్తున్నాయో లేదో నెలకోసారి తవ్వి చూసుకోవద్దు. అది మీకన్నా ముందు ఇంట్లోవాళ్ళకు కనిపిస్తుంది. ఆర్నెల్లకోసారి అమ్మనో అక్కనో అడగండి, ఏం చెప్పినా మధ్యలో అడ్డురాకుండా వినండి.

మార్కు అయిపోయాక ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చదవండి, నాలుగే అధ్యాయాలు. ఆ తర్వాత సామెతలు, 31 అధ్యాయాలు, నెలలో ఆ రోజు తేదీ ఎంతో ఆ అధ్యాయం. నోటుపుస్తకం క్లాసుకు తీసుకురండి, కానీ లోపల రాసింది ఎవరూ చూడరు, పాస్టరుగారూ చూడరు. ఎవరి దగ్గరైనా సరిచేయాల్సినది ఉండి, ఒక్కరే వెళ్ళడానికి భయమైతే చెప్పండి. సంఘ పెద్దల్లో ఒకరు మీతో వస్తారు.

ప్రభువునందు,
మీ తాతయ్య